పావు చుట్టు

మొన్న ఆదివారం పొద్దున తార్నాకలో మా గల్లీ నుంచి మెయిన్ రోడ్డు దాకా మోటార్ సైకిల్ చక్రాన్ని దొర్లించుకుంటూ నడిచాను. చిన్నప్పుడు పాత సైకిల్ టైరును పుల్లతో కొట్టుకుంటూ ఊరంతా తిరిగినవాళ్ళకు ఈ నడక కొత్తేమీ కాదు. అప్పుడు ఎవరూ ఆపి అడగలేదు, అంతే తేడా. ఇప్పుడు పాల ప్యాకెట్ల కోసం బయటికొచ్చిన పెద్దాయన ఒకరు ఆపి, "బండేది?" అన్నారు. సెల్లార్‌లో ఉందన్నాను. "యాక్సిడెంటా?" అన్నారు. కాదండీ, టైరు అరిగిందన్నాను. ఆయన నన్నూ చక్రాన్నీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయారు.

టైర్ల షాపులో కుర్రాడు అంతకన్నా సూటిగా అడిగాడు. "చక్రమే పట్కొచ్చినవేంది సార్, బండి ఏడ వెట్టినవ్?"

బండి తీసుకెళ్ళి నిలబెడితే పావుగంటలో వాడే విప్పి, మార్చి, బిగించి ఇస్తాడు. డబ్బులు మిగులుతాయా అంటే, మధ్యలో తాగిన రెండు చాయ్‌లకు సరిపోయేంత. మరెందుకు విప్పుతావని మా ఇంట్లోనూ అడుగుతారు. దీనికి జవాబు చెప్పాలంటే మా నాన్న స్కూటరు దగ్గర మొదలుపెట్టాలి.

నాన్నకు చేతక్ ఉండేది. ఆ కాలంలో ఇస్త్రీ ప్యాంటు వేసుకుని ఆఫీసుకు పోయే ప్రతి గుమాస్తాకూ చక్రం మార్చడం వచ్చు. రోడ్డు మీద పంచరైతే స్కూటరును ఒక పక్కకు ఒరిగించి, నట్లు విప్పి, వెనక ఉన్న స్టెప్నీ తెచ్చి బిగించి, చేతులు రుమాలుకు తుడుచుకుని వెళ్ళిపోయేవారు. స్కూటరు చక్రం ఒక పక్క నుంచే తగులుకుని ఉంటుంది, ముందుదీ వెనకదీ ఒకటే సైజు, విప్పినా బ్రేకు జోలికి పోనక్కర్లేదు. అందుకే అది అందరికీ వచ్చిన విద్య అయింది. ఆ స్టెప్నీ అనే మాట ఎక్కడిదో తెలుసా? 1904లో వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో డేవిస్ సోదరులు కార్లకు ఒక అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. వాళ్ళ దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను ఎప్పుడో వదిలేశారు. మనం మాత్రం ఎక్కడో వేల్స్‌లోని ఒక వీధి పేరును పంచరైనప్పుడల్లా తలచుకుంటూనే ఉన్నాం.

మోటార్ సైకిల్ సంగతి వేరు. చక్రం రెండు కాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంటుంది. మధ్యలోంచి యాక్సిల్, ఒక పక్క చైను, ఇంకో పక్క బ్రేకు. అది విప్పడమంటే కాపురం విడదీసినంత పని. ఈ సంగతి నాకు 1997లో తెలిసింది. ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతున్నాను. ఎవరి చేతుల మీదుగానో వచ్చిన సీడీ హండ్రెడ్ ఒకటి ఉండేది. వెనక టైరు నున్నగా బోడి అయింది. మా గదిలో ఉండే నాన్-బోర్డర్ మిత్రుడు, అంటే హాస్టల్ రిజిస్టర్లో పేరు లేకుండా హాస్టల్లో అందరికన్నా ఎక్కువగా ఉండేవాడు, "విప్పుడేమన్న బ్రహ్మవిద్యారా" అన్నాడు. వరండాలో విప్పాం. విప్పడం నిజంగానే బ్రహ్మవిద్య కాదు. సాయంత్రం బిగించాం. అంతా అయ్యాక నేల మీద ఒక ఇనప బుష్ మిగిలింది. బొటనవేలంత. అటు తిప్పి ఇటు తిప్పి చూశాం. మావాడు దాన్ని జేబులో వేసుకుని, "మిగిలిందంటే స్పేరన్నట్టు" అని తేల్చేశాడు.

ఆర్ట్స్ కాలేజీ ముందు మలుపులో బండి తోక ఊపింది. నెమ్మదిగా పోతున్నాం కాబట్టి పడలేదు. అక్కణ్ణుంచి తార్నాక దాకా నెట్టుకుంటూ వచ్చాం. రోడ్డు పక్క మెకానిక్ ఒకాయన వంగి ఒక్క చూపు చూసి, "బుషేది?" అన్నాడు. మావాడు జేబులోంచి తీసిచ్చాడు. ఆయన తీసుకోలేదు. పానా నా చేతిలో పెట్టి, "విప్పింది నువ్వే గద. మల్ల విప్పి నువ్వే బిగియ్" అన్నాడు. గంటన్నర కూర్చోబెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ గంటన్నరే నాకు వచ్చిన విద్య మొత్తం.

ఆయన నేర్పిన మొదటి సంగతి పానా పట్టుకోవడం కాదు, పేపరు పరచడం. బండి పక్కన పాత పేపరు పరిచి, విప్పినవి విప్పిన వరసలో, కుడివైపువి కుడిపక్క, ఎడమవైపువి ఎడమపక్క పెట్టాలి. ఇప్పటికీ అలాగే చేస్తాను. మొన్న ఆ పేపర్లో నా పాత కాలమ్ ఉంది, దాని మీద గ్రీజు పడింది. అంతకన్నా గట్టి విమర్శ నాకు ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడున్నది స్ప్లెండర్. సెంటర్ స్టాండ్ వేస్తే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. మొదట బ్రేక్ రాడ్డు చివర ఉన్న నట్టు తిప్పి రాడ్డు వదిలించాలి. దాని స్ప్రింగు, చిన్న గుండు పిన్ను ఎగిరి పడతాయి, అవి పట్టుకోవాలి. ఆ తర్వాత బ్రేక్ ప్లేటు తిరగకుండా పట్టి ఉంచే పట్టీ బోల్టు. దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. అది బిగించడం మరిచిపోయి బ్రేకు తొక్కితే ప్లేటు చక్రంతోపాటు తిరగబోతుంది, రాడ్డు వంగుతుంది, చక్రం పట్టేసి బండి పడుతుంది. ఆ బోల్టుకు పిన్ను ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమై లాభం లేదు.

తర్వాత యాక్సిల్ నట్టు. అది తీసి యాక్సిల్‌ను సుత్తితో కొట్టొద్దు, మర పాడవుతుంది. చెక్కముక్క పెట్టి కొట్టాలి. యాక్సిల్ బయటికి రాగానే బ్రేకు వైపున్న బుష్ టప్పున కింద పడుతుంది. మా మిత్రుడి జేబులో తిరిగింది దాని అన్నే. ఈ బండిలో నాకు నచ్చేదేమిటంటే చైను విప్పే పనిలేదు. స్ప్రాకెట్టు, చైను ఇంకో స్లీవ్ నట్టు ఆసరాతో ఫ్రేముకే ఉండిపోతాయి, హబ్ రబ్బర్ల నుంచి చక్రం మాత్రం పక్కకు జరిగి ఊడి వస్తుంది. ఎవరో ఇంజనీరు రోడ్డు పక్క పంచరైన మనిషిని మనసులో పెట్టుకుని గీసిన గీత అది. చివర్లో బండిని ఒక పక్కకు ఒంచితే తప్ప మడ్‌గార్డు కింద నుంచి చక్రం రాదు. అక్కడ రెండో మనిషి కావాలి. మా వాచ్‌మన్ ఒంచి పట్టుకున్నాడు, "ఫోన్ చేస్తే ఇంటికే వచ్చి చేస్తరు గద సార్" అని అంటూనే.

ముందు చక్రం చూడ్డానికి సుళువు, మోసం ఎక్కువ. దాన్ని విప్పాలంటే ఇంజను కింద దిమ్మ పెట్టకపోతే బండి ముక్కు నేలకు కొడుతుంది. డ్రమ్ము బ్రేకు ప్లేటుకు ఒక గాడి ఉంటుంది, అది ఫోర్కు కాలుకున్న బొడిపెలో కూర్చోవాలి. కూర్చోకుండానే యాక్సిల్ దూరుతుంది, నట్టు బిగుస్తుంది, చక్రం తిరుగుతుంది. అన్నీ బాగున్నట్టే ఉంటుంది, బ్రేకు పట్టేదాకా.

ఈ పని చేస్తున్నప్పుడల్లా నాకు మాటల మీదికి మనసు పోతుంది, తెలుగు ఎం.ఏ. చదివిన జబ్బు. పానా, పేచ్‌కస్, కటింగ్ ప్లేయర్, రింగు, బుష్, వైసర్. మా గల్లీకి కిలోమీటరు దూరంలో ఉన్న యూనివర్సిటీ మాటల కోసమే పుట్టింది. 1918లో ఉస్మానియా మొదలవడానికి ఒక ఏడాది ముందే, 1917లో, అనువాదాల కోసం దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. వైద్యం, గణితం, ఇంజనీరింగ్ అన్నీ ఉర్దూలో చెప్పాలన్నది సంకల్పం. ఒక భారతీయ భాషలో యూనివర్సిటీ చదువు చెప్పిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. పండితులు కూర్చుని వేల పదాలు తయారుచేశారు. 1929లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, 1939లో ఆ గులాబీరంగు రాతి ఆర్ట్స్ కాలేజీ లేచింది. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది, ఆ పదాలు పుస్తకాలతోపాటు అరల్లోకి వెళ్ళాయి. తార్నాక రోడ్డు పక్కన మాత్రం పానా పానాగానే ఉంది. దాన్ని ఏ కమిటీ ఆమోదించలేదు. ఆ పండితులను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, వాళ్ళు చేసింది గొప్ప పని. కానీ చేతిలో వస్తువు ఉన్నవాడి నోటి మాట అంత తొందరగా పోదు. తార్నాక పేరే చూడండి. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ అంటారు. తీగా లేదు, చౌకీ లేదు, మెట్రో స్టేషన్ బోర్డు మీద కూడా ఆ మాటే ఉంది.

షాపు దగ్గరికి వద్దాం. చక్రం విప్పడం వేరు, టైరు మార్చడం వేరు. మొదటిది నేను చేస్తాను, రెండోది చేయను. ట్యూబు టైర్ల రోజుల్లో అదీ ప్రయత్నించాను. లివర్లు లేక పెద్ద పేచ్‌కస్‌తో టైరు ఎక్కించబోయి కొత్త ట్యూబును కొరికేశాను. ఇప్పుడు ట్యూబ్‌లెస్. టైరు అంచు రిమ్ము గాడిలోకి ఎక్కాలంటే కంప్రెసర్ గాలి ఒక్కసారిగా తోసుకురావాలి. కాలి పంపుతో కొడుతూ కూర్చుంటే ఆ అంచులోంచే గాలి బుస్సుమని పోతుంది. షాపులో రెండుసార్లు టప్, టప్‌మన్న చప్పుడు వచ్చింది. అంచు రెండు వైపులా కూర్చుందన్నమాట. ఆ చప్పుడు వినడానికైనా వాడి దగ్గరికి పోవాలి.

అయితే కొనేటప్పుడు కళ్ళు మనవే కావాలి. టైరు పక్కన 80/100-18 అని ఉంటుంది. ఎనభై మిల్లీమీటర్ల వెడల్పు, దానికి నూటికి నూరు వంతుల ఎత్తు, పద్దెనిమిది అంగుళాల రిమ్ము. దాని పక్కన వెనక టైరుకు 54పి అని ఉంటే 212 కిలోల బరువు, గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ముందు టైరు మీద 47 ఉంటుంది, 175 కిలోలు. ముందుది తెచ్చి వెనక వేస్తే ఏమవుతుందో ఆ అంకెలే చెబుతాయి. ఇవన్నీ చూశాక, ఇంకో మూల గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2419 అంటే 2019లో ఇరవై నాలుగో వారంలో తయారైందని. కుర్రాడు మొదట తెచ్చిన టైరు నల్లగా నిగనిగలాడుతోంది, అంకెలు చూస్తే నాలుగేళ్ళ నాటిది. ఎండకు, ఏళ్ళకు రబ్బరు గట్టిపడుతుంది, వాన రోడ్డు మీద పట్టు తప్పుతుంది. ఇంకోటి తెమ్మన్నాను. "గవన్నీ ఎవలు చూస్తరు సార్" అంటూ లోపలికి పోయి, మెల్లగా కొత్తదే తెచ్చాడు. ఎక్కించేటప్పుడు బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో కూడా చూశాను. అందుకు మాత్రం వాడు నవ్వాడు, సరిగ్గానే పెట్టాడు కాబట్టి.

తిరుగు ప్రయాణంలో చక్రం బాగా దొర్లింది. సెల్లార్‌లో పేపరు మీది వస్తువులను చివరి నుంచి మొదటికి వరసగా ఎత్తుకుంటూ వచ్చాను. బుష్ మొదట. పట్టీ బోల్టు, దాని పిన్ను. బ్రేక్ రాడ్డు. చైను కింది వరసను వేలితో ఎత్తి చూశాను. చైను బిగువు సరిచేసే గుర్తులు రెండు పక్కలా ఒక్కచోటే ఉన్నాయి. పేపరు ఖాళీ అయింది.

బిగుతు కొలిచే టార్క్ రెంచి నా దగ్గర లేదు. "చేతికి తెలుస్తది" అంటారు మెకానిక్‌లు. రోజుకు ఇరవై బిగించే చేతికి తెలుస్తుంది. మూడేళ్ళకోసారి బిగించే చేతికి తెలిసినట్టు అనిపిస్తుంది, అంతే.

అందుకే బిగించాక బండిని ఎప్పుడూ క్యాంపస్‌లోకి తీసుకుపోతాను. ఆదివారం పొద్దున అక్కడ నడకకు వచ్చినవాళ్ళు, ఎల్ బోర్డు కట్టుకుని గేర్లు నేర్చుకునేవాళ్ళు తప్ప పెద్దగా రద్దీ ఉండదు. కొత్త టైరు మీద మెరుపు పోయేదాకా వంగి తిప్పకూడదు. ఇరవై మీద పోయి బ్రేకు, ముప్పై మీద పోయి బ్రేకు. ఆర్ట్స్ కాలేజీ ముందు అదే మలుపులో తోక కదలలేదు. ఒక చుట్టు వేసి ఇంటికొచ్చి, చల్లారాక యాక్సిల్ నట్టుకు మళ్ళీ పానా పెట్టాను.

ఇంకో పావు చుట్టు తిరిగింది.