రుచికో మాట, ఇష్టానికో మాట

ఇంగ్లీషులో 'టేస్ట్' అన్న ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. నాలుకకు తగిలే తీపి, పులుపులకు అదే పేరు. ఒక మనిషికి ఒక పదార్థం మీద ఉండే మక్కువకూ అదే పేరు. పాటలోనో బట్టలోనో మేలైనదాన్ని గుర్తుపట్టగల నేర్పుకూ అదే. తెలుగువాళ్లు రుచి, ఇష్టం, అభిరుచి అని విడివిడిగా చెప్పుకునేవన్నీ అందులో ఇమిడిపోయాయి. పాత ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటకు తాకి చూడటం, పరీక్షించడం అన్న అర్థాలుండేవి; నోటి పనికి కుదురుకున్నది తర్వాతే. తిండిలో ఏముందో చెప్పడం ఒకటి, తిన్నవారికి అది ఎలా అనిపించిందో చెప్పడం ఇంకొకటి. రెండింటినీ ఒకే మాట మోస్తున్న ఆ భాషలో వాటిని విడదీయడానికి ఆహార శాస్త్రజ్ఞులు ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి శ్రమపడుతూనే ఉన్నారు. ఇవాళ కాఫీ పొట్లాల మీద కనిపించే రుచి వర్ణనల వెనక ఉన్నది ఆ శ్రమే.

నాలుకకు తెలిసే మూల రుచులు అయిదని శాస్త్రం లెక్క: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచు కాచిన రసం రుచికి గ్లుటమేట్ కారణమని తేల్చి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులో అప్పటికే 'సేవరీ' ఉంది. కానీ తీపి కానిదంతా సేవరీయే కాబట్టి అది పేరుగా పనికిరాలేదు, జపాన్ మాటే నిలిచింది.

ఉగాది పచ్చడిలోని ఆరు రుచుల్లో కారం, వగరు ఈ అయిదింటిలోకి రావు. అవి నోటి చర్మానికి తెలిసేవి. మిరపలోని క్యాప్సైసిన్ వెళ్లి పట్టుకునే గ్రాహకం, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని పసిగట్టే గ్రాహకం ఒక్కటే. దాన్ని శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కాబట్టి కారాన్ని ఇంగ్లీషువాళ్లు 'హాట్' అనడంలో శరీర ధర్మం ఉంది. చిక్కల్లా పొగలు కక్కే పులుసుకూ, మిరపకాయలు దండిగా వేసిన పులుసుకూ ఒకే మాట కావడం. దాన్ని తప్పించుకోవడానికి 'స్పైసీ' అంటారు, అది లవంగాల, దాల్చినచెక్కల సువాసనకూ చెల్లుతుంది. ఆవాలు నమిలినప్పుడు ముక్కులోకి ఎక్కే ఘాటుకు 'పంజెంట్' ఉంది. మాటలు ఇలా తడబడుతుండగానే కారాన్ని అంకెల్లో పెట్టే ప్రయత్నం తొందరగా మొదలైంది. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్, మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేసుకుంటూ పోయి, కారం ఇక తెలీకుండా పోయే దశను కొలతగా పెట్టుకున్నాడు. ఇప్పుడు యంత్రాలు క్యాప్సైసిన్ శాతాన్నే నేరుగా కొలుస్తున్నా, ఫలితాన్ని ఆయన పేరిటి యూనిట్లలోకే మార్చి చెబుతారు.

వగరు దగ్గర ఇంగ్లీషు బాగా వెనకబడింది. పచ్చి అరటికాయ, జామ పిందె కొరికిన తెలుగు పిల్లలకు నోట్లో ఆడే ఆ మాటకు ఇంగ్లీషులో సమానంగా ఉన్నది 'అస్ట్రింజెంట్', అది పుస్తకాల మాట. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో ముడిపడి నోటి జారుడుతనాన్ని పోగొట్టినప్పుడు కలిగే ఆ భావాన్ని మామూలు ఇంగ్లీషు మనిషి 'నోరు ఎండిపోతోంది' అనో 'నోరు ముడుచుకుపోతోంది' అనో చెప్పుకోవాల్సి వస్తుంది. టీ పరిశ్రమ మాత్రం తన అవసరానికి తానే మాట సమకూర్చుకుంది. నోటిని హుషారు చేసే చురుకైన వగరు ఉన్న టీని 'బ్రిస్క్' అంటారు. అది మెచ్చుకోలు.

'ఫ్లేవర్' పరిధి టేస్ట్ కంటే పెద్దది. నాలుక రుచి, నోటి చర్మానికి తెలిసే మంట, చల్లదనాలు, అన్నిటికంటే ముఖ్యంగా వాసన, ఇవన్నీ కలిస్తే ఫ్లేవర్. తిండి నమిలేటప్పుడు వాసన అణువులు గొంతు వెనక నుంచి ముక్కులోకి పోతాయి. ముక్కు మూసుకుని మామిడిపండు తింటే తీపి, పులుపు తెలుస్తాయి తప్ప అది మామిడి అని తెలియదు. జలుబు చేసినప్పుడు ఏదీ రుచించదన్న మాటకు అర్థమిదే. వాసనది ఒకటే ఇంద్రియమైనా బయటి లోకానికి ఒకటి, నోటికి ఒకటిగా రెండు దారుల్లో పని చేస్తుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ రోజిన్ 1982లో రాశాడు. నోటి దారిన వచ్చిన వాసనను మనిషి వాసనగా కాక రుచిగానే ఎంచుకుంటాడు.

వాసనలకు ఇంగ్లీషులో సొంత పేర్లు చాలా తక్కువ. ఎరుపు, నీలం అన్నట్టు ఏ వస్తువుతోనూ ముడిపడని వాసన మాట వెతికితే 'మస్టీ' లాంటివి కొన్నే దొరుకుతాయి. మిగతావన్నీ నిమ్మలాంటిది, గులాబీలాంటిది, పొగలాంటిది అని వస్తువు పేరు పట్టుకుని చెప్పేవే. ఇది మనిషి మెదడుకున్న పరిమితి అని చాలాకాలం అనుకున్నారు. మలయ ద్వీపకల్పపు అడవుల్లోని జహాయ్ ప్రజల భాషలో వాసనలకే ప్రత్యేకంగా ఓ డజను మాటలున్నాయని, వాళ్లు రంగుల పేర్లు చెప్పినంత తేలిగ్గా వాసనల పేర్లు చెప్పగలరని 2014లో పరిశోధకులు ఆసిఫా మాజిద్, నిక్లాస్ బురెన్‌హుల్ట్ చూపించారు. అదే పరీక్షలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు తడబడ్డారు. కాబట్టి లోటు ముక్కుది కాదు, భాషది. వస్తువు పేరు మీద ఆధారపడిన మాట, ఆ వస్తువు ఎరగనివాడికి ఏమీ చెప్పదు. ఈ సంగతి కాఫీ దగ్గరికి వచ్చేసరికి పెద్ద సమస్య అవుతుంది.

రోజువారీ ఇంగ్లీషులో రుచి మాటల నిండా మెచ్చుకోలో, ఏవగింపో కలిసి ఉంటుంది. పులుపునే తీసుకుంటే, విరిగిన పాలు 'సోర్', అందులో తిరస్కారం ఉంది. గడ్డ పెరుగు 'టాంగీ', అందులో మెప్పు ఉంది. పుల్లటి ఆపిల్ 'టార్ట్', నిమ్మతొక్క పడ్డది 'జెస్టీ', పాతబడిన ఛెడ్డార్ చీజ్ 'షార్ప్'. పులుపు మోతాదులో తేడా కొంతే. నచ్చిందా లేదా అన్నదే ఎక్కువసార్లు మాటను ఎంచుతుంది. నెయ్యి, వెన్న మోతాదు నచ్చితే 'రిచ్', నచ్చకపోతే 'గ్రీసీ'. మసాలా తక్కువైన కూర ఒకరికి 'మైల్డ్', ఇంకొకరికి 'బ్లాండ్'. మాంసం ముక్క పళ్లకు ఎదురు తిరిగితే 'టఫ్', అదే సాగుడు మిఠాయిలో ఉంటే 'చ్యూయీ'. వెగటు పుట్టించే తీపికి 'క్లోయింగ్' ఉంది. తీపి ఎంతుందో అది చెప్పదు, తిన్నవాడు ఇక చాలనుకున్నాడని చెబుతుంది. చివరికి 'స్మెల్' అన్న క్రియ కూడా ఏ విశేషణమూ లేకుండా ఒంటరిగా వస్తే కంపు కొడుతోందనే. తెలుగులోనూ వాసన వస్తోందంటే చాలు, అది మంచి వాసన కాదని వినేవాళ్లకు అర్థమవుతుంది. ఈ కలగాపులగం ఇంట్లో భోజనానికి ఇబ్బంది కాదు, వడ్డించినవారికి తెలియాల్సింది నచ్చిందా లేదా అన్నదే. ఫ్యాక్టరీలో ఈ వారం చేసిన సరుకు పోయిన వారం సరుకులాగే ఉందా అని తేల్చాల్సినప్పుడే ఇది పనిని చెడగొడుతుంది.

అందుకే వృత్తిగా రుచి చూసేవాళ్లు ముందు చేసిన పని నచ్చడం, నచ్చకపోవడం తెలిపే మాటల్ని పక్కన పెట్టడం. 1940ల చివర్లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఆర్థర్ డి లిటిల్ సంస్థ 'ఫ్లేవర్ ప్రొఫైల్' అనే పద్ధతి రూపొందించింది. శిక్షణ పొందిన కొద్దిమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఏయే రుచులు ఏ వరసలో, ఎంత బలంగా తెలిశాయో మాత్రమే రాస్తారు. బీరు రంగంలో మార్టెన్ మీల్‌గార్డ్, ఆయన సహచరులు 1979లో 122 మాటల్ని చక్రం ఆకారంలో సర్దారు. 1984లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో ఆన్ నోబుల్ వైన్‌కు వాసనల చక్రం తయారు చేసింది. అందులో లోపలి వలయంలో పండ్లు, పూలు లాంటి పెద్ద వర్గాలుంటాయి, బయటికి వచ్చేకొద్దీ నిమ్మ, గులాబీ లాంటి నిర్దిష్టమైన పేర్లుంటాయి. 'ఎలిగెంట్', 'ఫ్రేగ్రెంట్' లాంటి మాటలకు ఆ చక్రంలో చోటులేదు. అవి వైన్ గురించి చెబుతున్నట్టు కనిపించినా అస్పష్టంగా ఉంటాయి, లేదా చెప్పేవాడి మెప్పునే చెబుతాయి. ఆ చక్రంతోపాటు నమూనాల తయారీ విధానం కూడా వెలువడింది. సాదా వైన్‌లో బెంగళూరు మిర్చి ముక్కో, డబ్బా ఆస్పరాగస్ నీళ్లో కాసిని వేసి వాసన చూపించి, ఈ మాటకు అర్థం ఇదీ అని అందరినీ ఒప్పిస్తారు. రుచి పదజాలంలో అసలైన ముందడుగు ఇదే. చక్రం కంటే, మాటల సంఖ్య కంటే, ప్రతి మాటకూ ఎదురుగా ఒక గ్లాసు పెట్టడమే దాన్ని పరిభాషగా మార్చింది.

ఇష్టాన్ని కొలిచే పరిభాష పుట్టింది సైన్యంలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, సైనికులకు పెట్టే తిండి పారేయకుండా తింటారా అన్న చింతతో, షికాగోలోని సైనిక ఆహార సంస్థలో డేవిడ్ పెరియమ్, ఆయన బృందం తొమ్మిది మెట్ల 'హెడోనిక్ స్కేల్' రూపొందించారు. పై మెట్టు అత్యంత ఇష్టం, కింది మెట్టు అత్యంత అయిష్టం, నడుమ ఇష్టమూ లేదు అయిష్టమూ లేదు. ఆ మెట్ల పేర్లు ఊహించి పెట్టినవి కావు. షికాగో విశ్వవిద్యాలయపు మనస్తత్వవేత్త లూయిస్ థర్‌స్టన్ సాయంతో, యాభైకి పైగా ఇంగ్లీషు మాటలూ పదబంధాలూ సైనికుల ముందుంచి, ఏ మాటకు ఎంత బలం ఉంది, ఏ మాటను అందరూ ఒకేలా అర్థం చేసుకుంటున్నారు అని చూసి ఎంచారు. 1955లో వెలువడిన ఆ పరిశోధన ప్రపంచమంతటా ఆహార ప్రయోగశాలలకు ఆధారమైంది. ఆంధ్ర, తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో రాగి బిస్కెట్ల మీదో జొన్న అటుకుల మీదో చేసే పరిశోధనల్లో కనిపించే తొమ్మిది మార్కుల పట్టీ కూడా ఇదే.

ఈ వృత్తిలో 'ప్రిఫరెన్స్', 'లైకింగ్' ఒకటి కాదు. రెండు కప్పులు పెట్టి ఏది మేలని అడిగితే వచ్చేది ప్రిఫరెన్స్. రెండూ నచ్చనివాడు కూడా ఒకటి చూపిస్తాడు. ఎంత నచ్చిందని ఒక్కో కప్పుకూ విడిగా అడిగితే వచ్చేది లైకింగ్. మొదటి ప్రశ్న మాత్రమే అడిగి సరుకు బాగుందని తేల్చేవాళ్లు మోసపోతారు.

వాడుక ఇంగ్లీషులో ఇష్టానికి మెట్లకంటే ఛాయలు ఎక్కువ. 'ఫాండ్' అంటే పాత పరిచయంతో కూడిన మక్కువ. 'పార్షియల్' అంటే మిగతావాటిని కాదని ఒకదాని వైపు కాస్త మొగ్గు. 'మోరిష్' అంటే ఒకటి తింటే ఇంకొకటి తినాలనిపించేది. మొదట ముఖం చిట్లించి, అలవాటుపడ్డాక వదల్లేనిదానికి 'అక్వైర్డ్ టేస్ట్' అంటారు. నచ్చనిదాన్ని నొప్పించకుండా తోసిపుచ్చడానికి 'నా కప్పు టీ కాదు' అంటారు. అయిష్టంలోనూ తేడాలున్నాయి. రోజిన్, ఏప్రిల్ ఫాలన్ 1987లో వాటిని వేరుచేశారు. కాకరకాయ చేదుగా ఉందని వద్దనడం 'డిస్‌టేస్ట్', అక్కడ అడ్డు రుచే. ఫలానాది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినందుకు నోట పెట్టలేకపోవడం 'డిస్‌గస్ట్', అక్కడ అడ్డు తలపు. అది ఎంత రుచిగా ఉందని చెప్పినా డిస్‌గస్ట్ కలిగినవాడి దగ్గర ప్రయోజనం లేదు.

వర్ణన, ఇష్టం వేరైనా వాటి మధ్య పుట్టుకతో వచ్చే ముడి ఒకటుంది. కొత్తిమీరను కొందరు 'సోపీ' అంటారు, సబ్బు వాసన అని. అది నిందకు ఎంచుకున్న మాట కాదు, వాళ్లకు నిజంగా తెలుస్తున్న వాసన. కొత్తిమీరలోని ఆల్డిహైడ్లను పట్టే ఓఆర్6ఏ2 అనే వాసన జన్యువు దగ్గరి తేడాతో దీనికి సంబంధముందని 2012లో తేలింది. టొరంటోలో యువతీయువకులను అడిగిన మరో పరిశీలనలో కొత్తిమీర గిట్టనివారు తూర్పు ఆసియా మూలాలవారిలో 21 శాతం, దక్షిణాసియా మూలాలవారిలో 7 శాతం. కొత్తిమీర పచ్చడి నచ్చనివాడు మొండివాడు కాకపోవచ్చు, అతని ముక్కుకు అందుతున్నది వేరే పచ్చడి.

కాఫీలో ఈ రెండు పదజాలాలూ చాలాకాలం ఒకే కాగితం మీద కలిసిపోయి నడిచాయి. 2004 నుంచి స్పెషాలిటీ కాఫీ సంఘం వాడిన మార్కుల పత్రంలో నూటికి 80 గానీ అంతకు మించి గానీ వస్తే స్పెషాలిటీ. అందులో 'అసిడిటీ'కి మార్కులుండేవి. అక్కడ అసిడిటీ అంటే గుణం, 'సోర్' అంటే లోపం. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ చేదుకూ, పాల చిక్కదనానికీ అలవాటుపడ్డ ఇంట్లో ఆ మార్కులు తలకిందులవుతాయి. కప్పులో పులుపుందన్నది నిజమే, అది మేలన్నది ఇష్టం మాట. 2023లో ఆ సంఘమే పాత పత్రం స్థానంలో కొత్త పద్ధతి తెచ్చింది. ఏముందో రాసే వర్ణన పత్రం వేరు, ఎంత మేలనిపించిందో రాసే పత్రం వేరు. రెండోదానిలో ఉన్నది మళ్లీ తొమ్మిది మెట్ల స్కేలే. ఇది ఆలస్యంగా జరిగినా జరగాల్సిన మంచి పని. రైతు అమ్మే గింజ గుణాన్ని కొనేవాడి అలవాటు నుంచి వేరుచేసి చూసే వీలు దీనివల్ల కలిగింది.

అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, ఆ కాఫీ పారిస్ దాకా వెళ్లింది. ఆ గింజల్ని రుచి చూసి రాసేది ఇంగ్లీషు పదజాలంతోనే. 2016లో వరల్డ్ కాఫీ రీసెర్చ్ వెలువరించిన పదకోశంలో 110 లక్షణాలున్నాయి, ఒక్కోదానికీ నమూనా ఉంది. ఆ నమూనాల్లో చాలావరకు అమెరికా దుకాణాల్లో దొరికే జామ్‌లు, డబ్బా పండ్లు, సిరప్‌లు. బ్లాక్‌బెర్రీ ఎన్నడూ తినని పాడేరు యువకుడికి ఆ మాట కంఠస్థం అవుతుంది గానీ నాలుకకు అంటదు. నేరేడు, ఉసిరి, చింతపండు, తాటిబెల్లం, పనస తొనలతో నమూనాలు కట్టి, వాటి పక్కనే ఇంగ్లీషు మాటనూ నిలిపితే అతని వర్ణన పారిస్ కొనుగోలుదారుకూ అందుతుంది, అతనికీ అర్థమవుతుంది. అదే విధంగా ఇష్టం పట్టీని తెలుగులోకి మార్చేటప్పుడు 'కొంచెం నచ్చింది', 'ఒక మాదిరిగా నచ్చింది', 'బాగా నచ్చింది' అన్న మెట్ల మధ్య దూరం అమెరికా సైనికుల దగ్గర కొలిచిన దూరమే అనుకోవడానికి వీల్లేదు. 'ఒక మాదిరిగా' అన్నది చాలామంది తెలుగువారి నోట మెప్పు కానే కాదు. ఆ దూరాన్ని తెలుగు మాట్లాడేవాళ్ల మధ్యే మళ్లీ కొలవాలి. పిల్లల దగ్గర, చదువురానివాళ్ల దగ్గర మాటలు మానేసి నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా బొమ్మలు చూపించే పద్ధతి ఎటూ ఉంది.