డమ్మీ ముక్కలు: రిక్సీ మార్కస్ ఆత్మకథ మీద కొన్ని ఆలోచనలు

మన సాహిత్యంలో పేకముక్కలు కనబడగానే ఏదో ఒక ఇల్లు మునగబోతోందని పాఠకులకు తెలిసిపోతుంది. ఆడేది మగవాడు, పోయేది భార్య ఒంటిమీది బంగారం. ఈ కథల్లో ఆడవాళ్ల పాత్ర తలుపు వెనక నిలబడి ఏడవడమే. దీనికి మినహాయింపు గురజాడ మధురవాణి. కన్యాశుల్కం పేకాట దృశ్యంలో ఆమె మగవాళ్ల మధ్య కూర్చుని వాళ్లతో సమానంగా ముక్కలేస్తుంది. అయితే ఆ చోటు ఆమెకు దొరికింది వేశ్య కాబట్టే. సంసార స్త్రీకి అక్కడ పీట లేదు.

వనపర్తిలో డిగ్రీ పిల్లలకు ఈ నాటకం చెప్పేటప్పుడు ఒక విషయం గమనించాను. ఆ దృశ్యం రాగానే మగపిల్లలు వెంటనే నవ్వుతారు. ఆడపిల్లలు వాళ్లను చూసి, ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతారు. వాళ్లకు ఆట తెలియదు. తెలియకపోవడమే మంచి పెంపకమని ఇంట్లో నేర్పారు. పేకాటనే వృత్తిగా చేసుకుని, దాని గురించి పుస్తకాలు రాసిన స్త్రీని మనం ఏ కళ్లతో చదవాలన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది.

రిక్సీ మార్కస్ 1910లో బుకోవినాలో, అంటే అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, యూదు కుటుంబంలో పుట్టింది. వియన్నాలో బ్రిడ్జి ఆటలో పేరు తెచ్చుకుంది. 1937లో బుడాపెస్టులో ప్రపంచ మహిళా టైటిల్ గెలిచిన ఆస్ట్రియా జట్టులో ఆమె ఉంది. మరుసటి ఏడే హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాడు. ఆమె లండన్‌కు పారిపోయింది. పరాయి దేశం, పరాయి భాష, తెగిపోయిన వివాహం, పెంచాల్సిన కూతురు. అక్కడ ఆమెను నిలబెట్టింది పేకముక్కలే. తర్వాత ఫ్రిట్జీ గోర్డన్‌తో జంటగా 1962లోనూ 1974లోనూ ప్రపంచ మహిళా పెయిర్స్ గెలిచింది. 1974లోనే ప్రపంచ గ్రాండ్‌మాస్టర్ హోదా పొందిన తొలి మహిళ అయింది. 1988లో ఆత్మకథ వెలువరించింది. 1992లో చనిపోయింది.

ఆ ఆత్మకథ పేరు 'ఎ వల్నరబుల్ గేమ్'. మామూలు ఇంగ్లీషులో వల్నరబుల్ అంటే దెబ్బ తగిలే స్థితిలో ఉండటం. బ్రిడ్జిలో దానికి వేరే అర్థం ఉంది. ఒక గేమ్ గెలిచిన జంట వల్నరబుల్ అవుతుంది. అక్కడి నుంచి గెలిస్తే లాభం ఎక్కువ, ఓడితే నష్టమూ ఎక్కువ. అంటే ఈ ఆటలో ప్రమాదం బలహీనతకు కాదు, అప్పటికే సాధించిన గెలుపుకు అంటుకుని వస్తుంది. శరణార్థిగా వచ్చి పేరు సంపాదించుకున్న ఒక స్త్రీ తన జీవితానికి ఈ పేరు పెట్టడం యాదృచ్ఛికమని నేననుకోను. ఎదిగిన స్త్రీ చేసే తప్పుకు జరిమానా ఎక్కువని మన రచయిత్రులకు వేరే చెప్పాలా?

ఆమెకు పడిన జరిమానా ఒకటి చూడండి. బ్రిడ్జి లోకం ఆ జంటకు 'ఫ్రిస్కీ, బిచ్చీ' అని మారుపేర్లు పెట్టింది. భాగస్వామి మీద కేకలేసే మగ ఆటగాళ్లకు ఆ లోకంలో కొదవలేదు. వాళ్ల కోపం మేధావి చిరాకు అయింది, వీళ్ల కోపం తిట్టుపేరు అయింది.

ఇక టీచరుగా ఆమె చేసిన పని. గార్డియన్ పత్రికలో 1955 నుంచి మూడున్నర దశాబ్దాలకు పైగా బ్రిడ్జి శీర్షిక నడిపింది. డజనుకు పైగా పుస్తకాలు రాసింది. ఆమె కెరీర్‌లో పతకాల కంటే నాకు ముఖ్యమనిపించేది ఇదే. ఆటలో గెలుపు ఆ రాత్రితో అయిపోతుంది. తాను ఎలా ఆలోచించిందో రాసిపెడితే అది ఇంకొకరి ఆలోచనకు సాధనమవుతుంది. కానీ బోధనను చిన్నచూపు చూడటం ఈ రంగంలోనూ ఉంది. అమెరికాలో జోసెఫీన్ కల్బర్ట్‌సన్ పెళ్లికి ముందే బ్రిడ్జి టీచరు. భర్త ఎలీతో కలిసి ఆడింది, ఆయన పత్రికలో పనిచేసింది. పద్ధతికి మాత్రం నిలిచింది ఆయన పేరే.

బ్రిడ్జిలో డమ్మీ అని ఒక స్థానం ఉంటుంది. నలుగురూ పాట పాడాక, ఆట ఎవరి చేతికి వస్తుందో వారి భాగస్వామి తన పదమూడు ముక్కలూ బల్లమీద పరిచేసి మౌనంగా కూర్చోవాలి. ఆ ముక్కల్ని ఆడేది అవతలి మనిషి. ఆటలో ఈ స్థానం చేతులు మారుతుంది, వచ్చే పంపకంలో డమ్మీ ఇంకొకరు. జోసెఫీన్ లాంటి వాళ్ల జీవితాల్లో మాత్రం అది మారలేదు.

మహిళా విభాగం సంగతి ఇంకో చిక్కు. రిక్సీ పతకాలు ఎక్కువగా మహిళల పోటీలవే. ముక్కలకు కండబలం అక్కర్లేదు కదా, మరి వేరే వరుస ఎందుకు? మన దగ్గర చదరంగంలో ఇదే ప్రశ్న ఉంది. మహిళా గ్రాండ్‌మాస్టర్ హోదాకు 2300 రేటింగ్ చాలు, గ్రాండ్‌మాస్టర్‌కు 2500 కావాలి. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే, రెండోది సాధించింది. విడి వరుస వల్ల అమ్మాయిలకు అవకాశాలు, డబ్బు దొరుకుతాయి, నిజమే. దానితోపాటు 'ఆడవాళ్లలో గొప్ప' అనే తోక కూడా తగులుకుంటుంది. పురస్కారాల జాబితాలో 'రచయిత్రి' గడిలో కూర్చున్న వాళ్లకు ఈ తోక బరువు తెలుసు.

ఇదంతా పాలమూరులో కూర్చుని చదివితే ఇంకోలా కనిపిస్తుంది. గద్వాల, వనపర్తి సంస్థానాలు జ్ఞాపకశక్తికి, ధారణకు సన్మానాలు చేసిన చోట్లు. తిరుపతి వేంకటకవులు ఈ దర్బారులకే వచ్చారు. అష్టావధానంలో చదరంగం కూడా ఒక అంశం. గద్వాల సంస్థానాన్ని ఆదిలక్ష్మీదేవమ్మ పాలించిన కాలం కూడా ఉంది. శాలువాలు కప్పే అధికారం ఒక స్త్రీ చేతికి వచ్చింది గానీ, ఆ శాలువాలు కప్పుకున్న భుజాలు మగవాళ్లవే. అదే గద్వాలలో చీర అంచుకు పోగులు లెక్కపెట్టే స్త్రీ ధారణను ఎవరూ అవధానం అనలేదు.

చట్టం చూపు కూడా గమనించాలి. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యమున్న ఆటగా గుర్తించింది, బ్రిడ్జితో పోల్చింది కూడా. 2017లో తెలంగాణ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. నైపుణ్యమా, వ్యసనమా అన్న ఈ వాదనలో ఆడవాళ్లు నష్టపోయినవాళ్లుగానే తలపుకొస్తారు. ఆ నష్టం అబద్ధం కాదు. నాగర్‌కర్నూలు పల్లెలో పేకాటలో పుస్తెలు పోయిన ఆమె ముందు రిక్సీ విజయాలు చదివి వినిపించే ధైర్యం నాకు లేదు. రిక్సీ కూడా లండన్ క్లబ్బుల్లో పందెం డబ్బుతోనే బతికింది. ఆ డబ్బు పోగొట్టుకున్న వాళ్లకు పోగొట్టుకునే స్తోమత ఉంది. ఈ వర్గ భేదాన్ని దాటేసి ఆమెను ఆదర్శంగా నిలబెట్టడం తేలిక విమర్శ అవుతుంది.

అయినా ఆమె జీవితం మనకు ఒక ప్రశ్న మిగులుస్తుంది. పేకాట మగవాడి చేతిలో వ్యసనమైనా, నైపుణ్యమైనా, దానికి కావలసిన తీరిక మాత్రం ఎప్పుడూ అతనిదే. నలుగురు ఆడపిల్లలు మూడు గంటలపాటు ఏ పనికీ రాని విషయం మీద బుర్ర పెట్టి కూర్చోవడం మన ఇళ్లలో ఊహకందదు. వాళ్ల తెలివి వంటకో, పొదుపు సంఘం లెక్కకో, పోటీ పరీక్షకో ఉపయోగపడితేనే దానికి మన్నన. రాయడానికి కూర్చున్న స్త్రీని 'ఏం చేస్తున్నావు ఖాళీగా?' అని అడిగే ఇల్లు ఇదే. ప్రయోజనం చూపించనక్కర్లేని ఆలోచన మన హక్కు. ఆ హక్కును రిక్సీ ఎవరినీ అడగలేదు, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. మనం ఆమె నుంచి ముక్కలు నేర్చుకోనక్కర్లేదు, ఆ కూర్చోవడం నేర్చుకుంటే చాలు.