ధర్మాసుపత్రి: దానమా, కర్తవ్యమా? – తెలుగు సాహిత్యంలో వైద్యపు వెల

ప్రభుత్వ వైద్యశాలకు కోస్తా ప్రాంతపు వాడుకలో చాలాకాలం 'ధర్మాసుపత్రి' అన్న పేరుండేది. తెలంగాణ వాడుకలో అది 'సర్కారు దవాఖాన'. రెండవ పేరు ఆ వైద్యశాలను ఎవరు నడుపుతున్నారో చెబుతుంది. మొదటి పేరు అక్కడ వైద్యం ఏ పద్ధతిలో లభిస్తుందో చెబుతుంది. ఆ పేరులోని 'ధర్మం' అన్న మాటకు తెలుగులో కనీసం రెండర్థాలున్నాయి. యాచకుడు వీధిలో 'ధర్మం చేయండి' అన్నప్పుడు అది దానం. 'రాజధర్మం' అన్నప్పుడు అది కర్తవ్యం. దానం చేసేవాడి దయ మీద ఆధారపడుతుంది, కర్తవ్యం నెరవేర్చకపోతే అడిగే హక్కు ఎదుటివారికి ఉంటుంది. ధర్మాసుపత్రి గుమ్మంలో నిలబడిన రోగి ఈ రెండింటిలో దేనిని అందుకోవడానికి వచ్చినట్లు? తెలుగు రచనలు ఈ ప్రశ్నను సూటిగా అడిగిన సందర్భాలు తక్కువ. అయితే వైద్యానికి పేదలూ దిగువ మధ్యతరగతివారూ చెల్లించిన వెల ఎలాంటిదో అవి నమోదు చేశాయి. ఆ నమోదును, అందులోని మౌనాలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

అమ్ముడైన వస్తువు

వైద్యపు వెలను గురించిన చర్చకు చాగంటి సోమయాజులు (1915–1994) రాసిన 'వాయులీనం' కథ తగిన ఆరంభం. చాలీచాలని ఆదాయంతో నడిచే ఒక కాపురం. ఇల్లాలు రాజ్యం జబ్బు పడుతుంది. ఆమెకు ఒకప్పుడు సంగీతం వచ్చు. ఆమె వాయులీనం ఇంట్లోనే ఉంది. సంసారపు బరువులో సంగీతం వెనుకబడి వాద్యం మాత్రం మిగిలింది. ఆమె జబ్బు తెచ్చిన ఖర్చు కోసం భర్త ఆ వాద్యాన్ని అమ్ముతాడు, వచ్చిన సొమ్ములోంచి ఆమెకొక చీర కూడా తెస్తాడు. ఆ చీర దగ్గర కథ చేరుకునే విషాదం తెలుగు పాఠకులకు సుపరిచితం.

ఈ కథను విమర్శ ప్రధానంగా రెండు విధాలుగా చదవవచ్చు. పెళ్ళితో అణగిపోయిన స్త్రీ కళాజీవితంగా చదవడం ఒకటి, దిగువ మధ్యతరగతి జీవితంలో సౌందర్యానికి చోటు లేకపోవడంగా చదవడం మరొకటి. రెండూ సమంజసమే. కాని ఈ రెండు పఠనాలలోనూ జబ్బు కేవలం కథను కదిలించే నెపంగా మిగిలిపోతుంది. జబ్బునే కేంద్రంలో ఉంచి చూస్తే 'వాయులీనం' వైద్యవ్యయపు కథ. ఒక కుటుంబంలో ఒక మనిషి బతకడానికి ఆ మనిషి ప్రాణంతో సమానంగా చూసుకున్న వస్తువు ఇల్లు దాటింది. రోగి, మూల్యం చెల్లించినది ఒకరే. భర్త దుర్మార్గుడు కాడు, ఆమెను బతికించుకున్నాడు, చీర తెచ్చాడు. ఆ ఇంట్లో దోషి ఎవరూ కనిపించకపోవడమే కథకు బలం.

అదే కథలోని మౌనం కూడా. భార్య, భర్త, జబ్బు, డబ్బు అన్న నాలుగింటి మధ్యే కథ నడుస్తుంది. ఈ లెక్కలోకి ప్రభుత్వం రాదు. రాకపోవడం కథకుడి లోపం కాదు, ఆనాటి జీవితంలో అది అంత సహజంగా లేదు కాబట్టే కథలోనూ లేదు. చాసో తరం కథకులు రాస్తున్న కాలంలోనే, 1946లో, భోర్ కమిటీ నివేదిక వెలువడింది. డబ్బు చెల్లించలేకపోయిన కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదన్నది ఆ నివేదికలోని మూలసూత్రం. ఈనాటి ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల ఆలోచనకు పునాది కూడా అదే. కాగితం మీద ఆ సూత్రం, కథలో ఆ వాయులీనం దాదాపు ఒకే యుగానికి చెందినవి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే రాజ్యం కన్నీరు ఆ ఇంటి సొంత విషాదంగా మాత్రమే మిగలదు.

ఇలా చదవడం కళాఖండాన్ని ఆర్థిక నివేదికగా కుదించడమే అన్న ఆక్షేపణ రావచ్చు. నిజానికి కథలోని కళే ఈ పఠనాన్ని కోరుతుంది. భర్త బిందెనో మంచాన్నో అమ్మి ఉంటే అది పేదరికపు కథ అయ్యేది, బిందె మళ్ళీ కొనుక్కోవచ్చు. వాయులీనానికి మార్కెట్టులో ధర ఉంది కాని, ఆ ధర తిరిగి చేతికి వచ్చినా పోయినది తిరిగి రాదు. 'వాయువులో లీనమైనది' అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. వైద్యవ్యయపు లెక్కల్లో ఆ వాద్యం పలికిన రూపాయలు చేరతాయి, వాద్యం చేరదు. ఆ తేడాను గుర్తింపజేసే పని కథ మాత్రమే చేయగలదు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నను కథ అడగని చోట కవిత్వం అడిగింది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోని 'భిక్షు వర్షీయసి'లో దారిపక్క చెట్టు కింద ఉన్న ముసలి బిచ్చగత్తె మరణిస్తే ఆ దోషం ఎవరికి చెందుతుందన్న ప్రశ్న వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన వారెవరో కవిత పేరు పెట్టి చెప్పదు. కాని దానం పొందే మనిషిని ముందు పెట్టి దోషం గురించి అడగడంలోనే దృష్టి మారింది. దయ చూపలేదన్న వగపు స్థానంలో జవాబుదారీతనపు ప్రస్తావన ప్రవేశించింది.

మంచం పక్కనుంచి చూపు

ఆసుపత్రి లోపలి జీవితాన్ని తెలుగు నవలలోకి తెచ్చిన వారిలో వైద్యులైన రచయితల పాత్ర గణనీయం. కొమ్మూరి వేణుగోపాలరావు నవల 'హౌస్ సర్జన్' అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వృత్తిలో అప్పుడే అడుగుపెట్టిన వైద్యుని అనుభవాల మీదుగా వార్డు, రోగులు, చావుబతుకుల సరిహద్దు పాఠకుని ముందుకు వస్తాయి. వైద్యుడు కూడా అలసిపోయే, తడబడే మనిషేనని తెలుగు పాఠకునికి తెలియజెప్పడంలో ఆ నవల చేసిన మేలు చిన్నది కాదు.

అయితే దృష్టికోణానికి దాని పరిధి దానికుంటుంది. హౌస్ సర్జన్ కంటికి రోగి మంచం మీద కనిపిస్తాడు. మంచం దాకా వచ్చిన దారి, ఆ దారిలో పోగొట్టుకున్న కూలి, ఊళ్ళో తెచ్చిన అప్పు, ఇంటి దగ్గర వదిలి వచ్చిన పసిపిల్లలు ఆ చూపుకు ముందే జరిగిపోయినవి. ఇంటికి పంపిన తరువాతి కథ ఆ చూపుకు అందదు. 'వాయులీనం' ఇంట్లో ఉండి ఆసుపత్రిని చూడదు, వైద్యుని నవల ఆసుపత్రిలో ఉండి ఇంటిని చూడదు. రోగి ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దూరం ఈ రెండు రకాల రచనల మధ్య ఖాళీగా ఉండిపోయింది. ప్రజారోగ్య విధానం 'అందుబాటు' అనే మాటతో సూచించేది సరిగ్గా ఆ ఖాళీనే. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రం ఉండాలన్న ప్రమాణం దూరాన్ని జనాభాతో కొలుస్తుంది. ఏజెన్సీలో నొప్పులు పడుతున్న స్త్రీని డోలీ కట్టి మోసుకువచ్చేవారికి ఆ దూరం వాగులతో, గంటలతో కొలతకు వస్తుంది. ఈ రెండవ కొలత సాహిత్యానికి చెందినది.

రానన్న మాట

ఆ ఖాళీలోంచి వినిపించిన స్వరం అచ్చుసాహిత్యం కంటే పాటలో ఎక్కువ. సర్కారు దవాఖానకు తాను రానని రోగి తన బిడ్డతో చెప్పుకునే పాట తెలంగాణలో ఏళ్ళ తరబడి జనం నోళ్ళలో నానింది. దాని నిర్మాణంలో గమనించదగినది సంబోధన. మాట వింటున్నది వైద్యాధికారి కాదు, ప్రభుత్వం కాదు, కడుపున పుట్టిన బిడ్డ. చెప్పుకుంటే వినే స్థానం తనకు ఇంట్లో తప్ప మరెక్కడా లేదన్న సంగతి ఆ సంబోధనలోనే ఉంది. ఉచితంగా దొరికే దాన్ని పేదవారు ఎందుకు వద్దంటారు? డబ్బు ఒక్కటే వెల కాదు కాబట్టి. కసురుకోళ్ళు, వరండాలో నిరీక్షణ, చీటీ పట్టుకుని బయటి మందుల దుకాణానికి పరుగు, ప్రాణం దక్కుతుందో లేదోనన్న భయం ఇవన్నీ వెలలే. ఉచిత వైద్యంలో మర్యాద లోపించినప్పుడు అది ధర్మంలోని మొదటి అర్థానికి, అంటే బిచ్చానికి, దిగజారుతుంది. పాటలోని నిరాకరణ రోగం పట్ల అజ్ఞానం కాదు, బిచ్చం పట్ల అభిమానవంతుని తిరస్కారం.

తరువాతి కాలంలో పాలకులు ఆ పాట పల్లవినే తిరగేసి, జనం ఇప్పుడు సర్కారు దవాఖానకే పోదామంటున్నారని సభల్లో చెప్పుకున్నారు. తిరస్కారపు పాట ప్రభుత్వ ప్రగతికి కొలమానం కావడం విశేషమే. పాటకు జవాబు చెప్పవలసిన బాధ్యత తమదేనని ప్రభుత్వం పరోక్షంగా ఒప్పుకున్నదనడానికి అది గుర్తు. కాని తిరగేసిన పల్లవిలో మాట్లాడే గొంతు మారిపోయింది. మొదటిది రోగి స్వయంగా అన్న మాట, రెండవది రోగి తరఫున పాలకుడు అన్న మాట. రోగి మళ్ళీ తన నోటితో అనేదాకా ఆ పల్లవి పూర్తయినట్లు కాదు.

తెలుసుకునే హక్కు

రోగిని వినేవాడిగా కాక తెలుసుకునే మనిషిగా సంబోధించిన తెలుగు పుస్తకాలు రెండు ఈ సందర్భంలో గుర్తుకు తెచ్చుకోవలసినవి. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండ గ్రామాల అనుభవంతో రూపొందించిన పుస్తకానికి తెలుగు రూపంగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన 'వైద్యుడు లేని చోట' ఒకటి. హైదరాబాదులోని స్త్రీల బృందం కృషితో 1991లో వెలువడిన 'సవాలక్ష సందేహాలు' మరొకటి. వీటిని సాహిత్య విమర్శ పరిధిలోకి తీసుకురావడం అరుదు. కాని పేర్లను గమనిస్తే చాలు, ఇవి భాషలో చేసిన పని తెలుస్తుంది. మొదటి పేరు ఒక లేమిని దాచకుండా ప్రకటిస్తుంది. ఆ లేమినే బయలుదేరే చోటుగా చేసుకుంటుంది. రెండవ పేరు, స్త్రీ నోరు మూయించడానికి వాడే 'సవాలక్ష సందేహాలు నీకు' అన్న విసుగును తీసుకుని దాన్నే గౌరవంగా మలుచుకుంటుంది. శరీరం గురించి ప్రశ్నించడం రోగి హక్కన్న భావన తెలుగులో స్పష్టమైన రూపం పొందింది ఇటువంటి పుస్తకాలలోనే. కథ, నవల కంటే ముందు ఒక కరదీపిక ఆ పని చేసిందన్న వాస్తవాన్ని సాహిత్య చరిత్ర నమోదు చేసుకోవాలి.

లబ్ధిదారు, హక్కుదారు

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీతో వైద్యపు భాష మరో మలుపు తిరిగింది. పేద కుటుంబానికి గుండె ఆపరేషన్ వంటి పెద్ద చికిత్స సొంత ఆస్తి అమ్మకుండానే అందే అవకాశం వచ్చింది. కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం ఎక్కే వీలు కలిగింది. వాయులీనాలు అమ్ముకోవలసిన కుటుంబాలలో కొన్నింటికైనా అది నిజమైన ఊరట. అదే సమయంలో పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ రూపొందింది. నెలనెలా కొనుక్కోవలసిన బీపీ, చక్కెర మాత్రలు, రోజు కూలి వదులుకుని చేయించుకునే పరీక్షలు ఎక్కువగా ఆ పరిధికి వెలుపల ఉండిపోయాయి. పెద్ద రోగం అందరికీ కనిపించే సంఘటన. చిన్న రోగం ఎవరికీ కనిపించని దినచర్య. ఒక్కసారిగా అమ్ముడయ్యే వాయులీనం కథ అవుతుంది కాని, నెలకు కొంచెంగా కరిగిపోయే జీతం కథ కావడం కష్టం. ప్రభుత్వ పథకానికీ కథాసాహిత్యానికీ ఈ విషయంలో ఒకే బలహీనత ఉంది.

దేశం మొత్తం ఆరోగ్యవ్యయంలో కుటుంబాలు సొంతంగా భరించే వాటా 2013–14లో 64.2 శాతం ఉండగా 2021–22 నాటికి 39.4 శాతానికి తగ్గినట్లు జాతీయ ఆరోగ్య ఖాతాలు చూపుతున్నాయి. ఇది ఆహ్వానించదగిన మార్పు. అయితే ఖర్చును లెక్కించే ఖాతా ఖర్చు పెట్టినవారినే చూడగలదు. పాటలోని రోగిలా రానని ఇంట్లోనే ఉండిపోయినవారి ఖర్చు సున్నా. ఆ సున్నాలో ఎంత బాధ ఉందో లెక్క చెప్పదు, పాట చెబుతుంది. విధాన చర్చకు సాహిత్యం అలంకారం కాదు, సాక్ష్యం అని చెప్పడానికి ఇంతకన్న బలమైన ఆధారం అక్కరలేదు.

పథకాల భాషలో స్థిరపడిన 'లబ్ధిదారు' అన్న మాటను కూడా ఇక్కడ పరీక్షించాలి. లబ్ధి పొందినవాడు లబ్ధిదారు. ఇచ్చినవాడు ఆ మాటలో కనిపించకుండానే పైచేయిగా ఉంటాడు. ధర్మాసుపత్రిలోని దానార్థమే కొత్త కార్డు మీద కొత్త పేరుతో కొనసాగుతున్నదనవచ్చు. రాజ్యాంగం మాట వేరు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటని 47వ అధికరణం చెబుతుంది. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కర్తవ్యం, హక్కు అన్న ఈ రెండు మాటలూ చట్టంలో ఉన్నాయి. కథానాయకుని నోటికి, పాట పాడే అవ్వ నోటికి అవి ఇంకా పూర్తిగా చేరలేదు.

ముగింపు

వైద్యపు వెలను తెలుగు సాహిత్యం మూడు రూపాల్లో చూపింది: అమ్ముడైన వస్తువుగా, పోయిన మర్యాదగా, అందని జ్ఞానంగా. రుసుము లేకపోవడాన్నే ఉచితమని భావించే దృష్టికి ఈ మూడూ కనిపించవు. అదే సమయంలో ఈ రచనలు వెలను చూపినంత స్పష్టంగా బాధ్యుని చూపలేదు. కుటుంబపు ప్రేమ మాటునో వైద్యుని కరుణ మాటునో బాధ్యత మరుగుపడింది. 'వాయులీనం' వంటి కథను వైద్యవ్యయపు కథగా మళ్ళీ చదవడం వల్ల ఆ కథ చిన్నది కాదు. అందులో లేని మూడవ పాత్ర, ప్రభుత్వం, గైరుహాజరు అయినట్లు నమోదవుతుంది. ధర్మాసుపత్రి అన్న పేరు వాడుకలోంచి దాదాపు తప్పుకుంది. అందులోని ధర్మం మాత్రం తప్పుకోనక్కరలేదు. దానాన్ని వదిలి కర్తవ్యం అన్న అర్థంలో దాన్ని నిలబెట్టడానికి చట్టం ఎంత అవసరమో, రోగి గొంతును రోగి గొంతుగానే వినిపించే రచన కూడా అంతే అవసరం.