గరిట పెట్టని పులుసు

ఫ్రెంచివారు బిస్త్రో అని పిలిచే చిన్న భోజనశాలకూ, గోదావరి జిల్లాల్లో మెస్సు అని పిలుచుకునే భోజనం హోటలుకూ పోలిక చెప్పడం మొదట వింతగా తోచవచ్చు గాని, చేపల విషయానికి వస్తే రెండు చోట్లా వంటను నిర్ణయించేది వంటవాడి ఇష్టం కాదు, ఆ పూట రేవుకు ఏం వచ్చిందన్నదే. బిస్త్రోలో ఆ సంగతి నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిపెడతారు. మెస్సులో గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి, ఇవాళేముందండీ అని అడిగినవారికి నోటితో చెబుతాడు. యొకొహామా, కోబే వంటి జపాను రేవు పట్నాల్లో చేపలకూ ఆల్చిప్పలకూ పేరుపడ్డ ఫ్రెంచి బిస్త్రోలు ఈ పద్ధతిని తమ మర్యాదలతో కలుపుకున్నాయి. అక్కడ కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి తడిపిన తువ్వాలు ఇస్తారు, కొన్నిచోట్ల ముళ్ళచెంచా పక్కనే పుల్లలూ పెడతారు, ఆ తర్వాత వచ్చేది మాత్రం ఫ్రాన్సు దక్షిణ తీరపు చేపల పులుసు.

ఆ వంట అక్కడికి ఎవరి పాలన వెంటా వెళ్ళలేదు. 1859లో యొకొహామా రేవు విదేశీ వర్తకానికి తెరుచుకున్నాక, 1868లో మొదలైన మేజీ చక్రవర్తి కాలంలో జపాను రాచ విందులకు ఫ్రెంచి పద్ధతిని ఎంచుకోవడంతో, పెద్ద హోటళ్ళ వంటశాలలు దాన్ని నేర్పే బడులయ్యాయి. 1960లో షిజువో త్సుజి ఒసాకాలో నెలకొల్పిన పాకశాస్త్ర పాఠశాల నుంచి, ఇతర వంటశాలల నుంచి కుర్రవంటవాళ్ళు ఫ్రాన్సు వెళ్ళి, అక్కడి పొయ్యిల దగ్గర పనిచేసి తిరిగివచ్చారు. ఇప్పుడు 'మునియేరు' అన్న మాట జపాను ఇళ్ళలో మామూలు మాట. చేప ముక్కను పిండిలో పొర్లించి వెన్నలో వేయించడాన్ని ఫ్రెంచివారు మునియేర్ అంటారు, అంటే పిండిమర యజమాని భార్య వండే తీరు అని అర్థం. ఆ పేరు వెనక ఏ మరా, ఏ ఇల్లాలూ ఉన్నారో తెలియకుండానే జపాను గృహిణి సాల్మను ముక్కలను అలా వేయిస్తుంది.

ఇక్కడ గౌతమి ఒడ్డుకు చూపు మళ్ళించక తప్పదు. ఎదుర్లంక దగ్గర జి.ఎం.సి. బాలయోగి పేరుతో ఉన్న వంతెన దాటితే వచ్చే యానాంలో ఫ్రెంచివారు 1723లో వర్తకస్థానం పెట్టుకున్నారు, మధ్యలో మూసి, మళ్ళీ తెరిచారు. ఆంగ్లేయులు ఆక్రమించుకున్న కాలాలు తీసేసినా, 1954లో వెళ్ళేదాకా వారి ఏలుబడి తరాల తరబడి సాగింది. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళకు జనం యానాం వెళ్ళేవారన్నది కోనసీమ పెద్దలకు తెలిసిన సంగతే. ఆ పెళ్ళి విస్తళ్ళలోకి వెన్న సాసు ఎన్నడూ రాలేదు. కారణం తెలుగువారి మొండితనం కాదు. యానాంకు వచ్చిన ఫ్రెంచివాడు బట్టల బేళ్ళ కోసం వచ్చాడు, వచ్చినవారు కొద్దిమంది, వారి వంటను నేర్చుకోవలసిన అవసరం ఊరికి లేదు. జపానులో వంట నేర్చుకోవడానికి మనుషులు బయలుదేరారు. యానాంలో అధికారం వచ్చి కూర్చుంది. రెండింటిలో ఏది పొయ్యిదాకా చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అయినా గోదావరి పులుసు కుండను దగ్గరగా చూసినవారికి ఒక చిత్రం కనబడుతుంది. సముద్రంలో ఇలస అనే పేరుతో ఉన్న చేప, ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు దిగినప్పుడు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీది, తీపినీటిలో ఉప్పు పోగొట్టుకుని, కొవ్వు పట్టి పులస అవుతుందని ఇక్కడివారు చెబుతారు. ధవళేశ్వరం ఆనకట్ట ఆ ప్రయాణానికి అడ్డుగోడ. పులసను వండేటప్పుడు మట్టి దాకలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గి, చింతపండు రసం మరిగి, ముక్కలు పడ్డ తర్వాత దాకలో గరిట పెట్టరు, ఎందుకంటే ఆ మెత్తని ముక్క గరిట తగిలితే విడిపోయి పులుసంతా ముళ్ళవుతుంది. మసిగుడ్డతో దాక అంచులు రెండువైపులా పట్టుకుని, పొయ్యి మీంచి కొద్దిగా ఎత్తి, నీళ్ళకుండ తొణకకుండా తిప్పినట్టు కుదుపుతారు. బెండకాయలు వేసి, సన్నని సెగ మీద వదిలేసి, చివర్లో కొందరు ఆవకాయ మీద తేలిన నూనె, మరికొందరు చిన్న వెన్నముద్ద వేస్తారు. ఫ్రెంచి వంటగాడు పొయ్యి మీంచి దించబోయే ముందు చల్లని వెన్నను రసంలో కలిపి, దాన్ని చిక్కగా, నిగనిగలాడేలా చేసే ఉపాయమూ ఇటువంటిదే. అతని నుంచి ఇది వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. పాడి ఉన్న ఇంట్లో ఎవరికైనా తట్టే ఆలోచన ఇది.

సెగ విషయంలో మాత్రం ఇద్దరూ ఎడమొహం పెడమొహం. మార్సే రేవు జాలరుల వంట అయిన బుయ్యబేసు, అంటే రాళ్ళ మధ్య తిరిగే చేపలను టొమేటో, సోంపు దుంప, కుంకుమపువ్వు, ఆలివ్ నూనెలతో వండే పులుసు, పెద్దమంట మీద గలగల మరగాలి, అప్పుడే నూనె నీటిలో కలిసి చిక్కబడుతుంది. ఆ వంట పేరు చెప్పి ఏదో ఒక చేపతో సందర్శకులను మోసగించడం ఎక్కువైందని అక్కడి హోటలు యజమానులు కొందరు 1980లో ఒక ఒప్పందపత్రం రాసుకుని, ఏయే చేపలుండాలో అందులో నిర్ణయించారు. జపాను బిస్త్రోలో ఆ చేపలు దొరకవు, తమ తీరపు చేపలనే వేస్తారు. దాన్ని తప్పుపట్టడం ఛాందసం.

ఆల్చిప్పల కథ ఇంకా తమాషా. 1970 ప్రాంతంలో తెగులుతో ఫ్రాన్సు ఆల్చిప్పల పెంపకం దెబ్బతిన్నప్పుడు జపానులోని మియాగీ తీరం నుంచి విత్తనం వెళ్ళి దాన్ని నిలబెట్టింది. 2011 సునామీలో మియాగీ పెంపకందారులు సర్వం పోగొట్టుకున్నప్పుడు ఫ్రాన్సు నుంచి సాయం వచ్చింది. కోరింగ, కాకినాడ తీరాల్లో మాత్రం గుల్లలంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది తిండి కాదు, గోడలకు వేసే గుల్ల సున్నం.

అదే గోదావరి ప్రాంతంలోని రాయవరం సముద్రపు ఒడ్డు ఊరు కాదు. అక్కడి మండలంలోని పసలపూడి పేరుతో వంశీ రాసిన కథల్లో తిండి ముచ్చట్లు ఎన్ని ఉన్నా, ఆ ప్రాంతపు రోజువారీ చేప కాలవదీ చెరువుదీ: కొరమేను, బొమ్మిడాయిలు. రేవుల నుంచి చేప అక్కడికి ఐసులో వస్తుంది. నీటికీ పొయ్యికీ మధ్య దూరం పెరిగేకొద్దీ మోసానికి చోటు పెరుగుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుణ్యమా అని, వేరే రాష్ట్రాల ఇలస ఐసుపెట్టెల్లో వచ్చి పులస పేరుతో అమ్ముడవుతోంది. వరద లేని నెలల్లోనూ పులస ఉందని చెప్పే హోటళ్ళకు లోటు లేదు. మంచి బిస్త్రోలో చేప లేకపోతే నల్లబల్ల మీద దాని పేరు తుడిచేస్తారు. గోదావరి హోటళ్ళకు లేదు అనడం ఇంకా చేతకావడం లేదు.

ఆ మాట బాగా తెలిసినది చీరమేను అమ్మే ఆడమనిషికే. దసరా దాటి తూర్పుగాలి తిరిగాక గోదావరి మొగలో చీరలాంటి గుడ్డతో పట్టే, గోరంత కూడా లేని చేపపిల్లలివి. జపానులో షిరాసు, ఫ్రాన్సులో నీసు తీరాన పుతీను అనేవీ ఈ మాదిరి పిల్లచేపలే. ఇంత చిన్నవాటిని ఊడ్చుకోవడం రేపటి చేపకు మంచిదా అన్న ప్రశ్న మూడుచోట్లా ఉంది. యానాం బజారులో వాటిని తూకం వేయరు, గ్లాసుతోనో బకెట్టుతోనో కొలుస్తారు, కొన్నవారు మినప్పిండిలో కలిపి గారెలు వేసుకుంటారు. కార్తీకం వెళ్ళాక అడిగినవారికి ఆమె బేరం కూడా ఆడదు, ఖాళీ తట్ట చూపిస్తుంది.