ఎదుటి చేతిని రాసుకోవడం

పేకాటలో ఎదుటివారి ఆటతీరును రాసిపెట్టుకునే అలవాటు పైకి చిన్న విషయంగా, కొందరికి చాదస్తంగా కూడా కనిపించవచ్చు గాని, ఆ ఆటలో నైపుణ్యం ఎక్కడ ఉందో తేల్చవలసి వచ్చినప్పుడు దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఈ అలవాటుకు మూలమైన శక్తినే ఆధారంగా తీసుకుంది. 1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకోగా మొదలైన వ్యాజ్యం 1967 నవంబర్‌లో సుప్రీంకోర్టులో ముగిసింది. జస్టిస్ హిదయతుల్లా రాసిన ఆ తీర్పు, మూడు ముక్కలాట వంటి పూర్తి అదృష్టపు ఆటల నుంచి రమ్మీని వేరుచేసి, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవడంలోనూ, ఏ ముక్కను ఉంచుకోవాలో ఏ ముక్కను వదలాలో నిర్ణయించుకోవడంలోనూ రమ్మీకి నేర్పు అవసరమని చెప్పింది. ఆట మీద నిర్వాహకులు లాభం తీసుకుంటే అది నేరం కావచ్చునని కూడా అదే తీర్పు హెచ్చరించింది గాని, జనం మనసులో నిలిచింది మొదటి భాగమే.

జ్ఞాపకమే నైపుణ్యమైతే ఆ జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టడం నైపుణ్యాన్ని పెంచుతుందా, లేక దాని స్థానాన్ని ఆక్రమిస్తుందా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఈ ప్రశ్నను లోతుగా పట్టించుకున్నవారు పోకర్ ఆటగాళ్ళు. నేడు ఎక్కువగా ఆడే పోకర్ పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇచ్చి, అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలను బల్ల మీద విడతలుగా తెరుస్తారు. ఆ రెండు మూసిన ముక్కలు 1,326 రకాలుగా ఉండగలవు కాబట్టి, ఎదుటి మనిషి పందెం వేసిన తీరును బట్టి ఆ సంఖ్యను తగ్గించుకుంటూ పోవడమే ఆటలోని అసలు పని. అయితే ఇక్కడ, నెల్లూరు తీరంలో, బహిరంగ పోకర్ బల్లలు లేవు. డబ్బు పెట్టి బహిరంగంగా ఆ ఆట ఆడేవారు గోవాలో మాండవి నది మీది కాసినో నౌకల వంటి చోట్లకు పోవలసిందే. ఆన్‌లైన్ దారిని ఆంధ్రప్రదేశ్ 2020లోనే మూసివేయగా, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న విచారణ లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించింది. ఈ తీరంలో మిగిలినది మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడే పదమూడు ముక్కల రమ్మీ. పెళ్ళి విడిదిలోనూ, సంక్రాంతి సెలవుల్లో మేడ మీద పరిచిన చాప మీదా, పందెం ఉన్నా లేకపోయినా, అది సాగుతూనే ఉంటుంది.

రమ్మీలో రాసుకోవలసినది ఏమిటో ఒక సందర్భంతో చూస్తే స్పష్టమవుతుంది. రెండు పేకలు కలిపి ఆడతారు కాబట్టి ప్రతి ముక్కకూ జంట ఉంటుంది. ఒక ఆటగాడు కింద పడిన ఇస్పేటు ఏడును ఎత్తుకుని, మూడు చుట్ల తరువాత ఇస్పేటు తొమ్మిదిని కొట్టాడంటే, ఆ చేతిలో ఏడు, ఎనిమిది, తొమ్మిది వరుస ఉండే అవకాశం బాగా తగ్గిపోతుంది. అయిదు, ఆరుల వైపు నడిచే వరుస గాని, మూడు ఏడులు కలిసిన సెట్టు గాని ఉండవచ్చు. ఇంతవరకు ఆలోచించడం ఆ ఒక్క ఆటకు సరిపోతుంది. ఆట పడిన తరువాత అతని చేయి తెరుచుకుని, అందులో నిజంగా మూడు ఏడులే ఉన్నాయని తెలిసినప్పుడు, నోటు రాసేవాడికి అసలు సామగ్రి దొరుకుతుంది: జోకర్ కలవని వరుస, అంటే ఆటగాళ్ళు లైఫ్ అని పిలిచేది, ఇంకా చేతికి రాకముందే ఈ ఆటగాడు సెట్టు కోసం కింది ముక్కను ఎత్తి, తన గుట్టును ఎదుటివారికి చూపించాడు. ఇది ఒక్కసారి జరిగితే సంఘటన, అయిదారుసార్లు జరిగితే అలవాటు. ఈ రెంటి మధ్య తేడాను జ్ఞాపకం నమ్మకంగా పట్టుకోలేదు గాని, తేదీ వేసిన కాగితం పట్టుకోగలదు.

నోటులో ఉండవలసినది చేయి చేసిన పని, మనిషి గుణం కాదు. "పిరికివాడు", "దూకుడు మనిషి", "మొండివాడు" అని రాసుకున్న నోటు రాసినవాడి అభిప్రాయాన్ని మాత్రమే భద్రపరుస్తుంది, తరువాత దానిని పరీక్షించడానికి దారి ఉండదు. "ఏడు ఎత్తాడు, తొమ్మిది కొట్టాడు, షోలో మూడు ఏడులు, లైఫ్ లేదు, ఫుల్ కౌంట్" అని రాసిన నోటు పది నెలల తరువాత కూడా తన సాక్ష్యాన్ని తాను మోస్తూ ఉంటుంది. పోకర్ రచనల్లో ఎక్కువ చేతులు ఆడేవాడిని లూజ్ అనీ, ఏరి ఏరి కొన్నే ఆడేవాడిని టైట్ అనీ పిలవడం వాడుక, ఆ మాటలు ఉపయోగకరమైనవే. అయినా ఆ ముద్రను లెక్క తరువాత వేయాలి గాని, లెక్కకు ముందు వేసి తరువాత దానికి తగిన ఉదాహరణలు వెదకకూడదు.

నోట్ల విషయంలో రమ్మీకి పోకర్ కంటే ఒక పెద్ద సౌకర్యం ఉంది, అది తగినంతగా గుర్తింపు పొందలేదు. రమ్మీలో ఒకరు షో చెప్పిన తరువాత, అంటే తన చేయి పూర్తయిందని ప్రకటించిన తరువాత, ముందే డ్రాప్ అయినవారు, అంటే ఆట వదులుకున్నవారు, తప్ప మిగిలిన వారందరూ కౌంట్ కోసం తమ ముక్కలను పరచవలసిందే. ఊహ సరైనదో కాదో ప్రతి ఆట చివరా తేలిపోతుంది. పోకర్‌లో అలా కాదు, చివరిదాకా పందెం కాసి నిలిచినవారి ముక్కలే కనిపిస్తాయి, మిగిలిన చేతులన్నీ మూసినవి మూసినట్లే కుప్పలో కలిసిపోతాయి. అందువల్ల పోకర్ ఆటగాడి నోటు పుస్తకం నిండా నిలబడిన చేతులే ఉండి, చేతిలో ఏమీ లేకుండా భయపెట్టి గెలిచిన చేతులు, అంటే పట్టుబడని బ్లఫ్‌లు, దాదాపు ఒక్కటి కూడా ఉండవు. ఆ పుస్తకాన్ని చదివి "ఇతడు ఎప్పుడూ బలమైన ముక్కలతోనే పందెం పెంచుతాడు" అనుకునేవాడు, తాను చూడగలిగినంత మేరనే లోకం అనుకుంటున్నాడు. పోకర్‌లో నోటు రాసేవారు తేదీ పక్కన "కనిపించలేదు" అన్న మాటను కూడా శ్రద్ధగా రాయాలని చెప్పడం అందుకే.

కనిపించనిదాన్ని కనిపించేదాని ద్వారా లెక్కగట్టి రాసుకోవడం ఈ తీరానికి కొత్త కాదు. నెల్లూరు తీర మండలాల్లో రొయ్యల గుంటల గట్ల మీద రోజూ జరిగే పని అదే. రంగు తిరిగిన నీటి అడుగున ఎన్ని రొయ్యలు బతికి ఉన్నాయో, ఏ మాత్రం తింటున్నాయో కంటికి కనిపించదు కాబట్టి, మేత చల్లేటప్పుడు అందులో కొలిచిన కొంత భాగాన్ని చెక్ ట్రేలో వేసి నీటిలోకి దించి, రెండు గంటలకో అంతకు కొంచెం అటూ ఇటూగానో పైకి లాగి, మిగిలినదెంతో చూసి పుస్తకంలో రాస్తారు. ట్రేలో మేత మిగిలిన ఒక్క పూటను చూసి ఎవరూ గుంటలో జబ్బు వచ్చిందని నిర్ణయించరు. మబ్బు పట్టిందేమో, రొయ్య కుబుసం విడుస్తున్నదేమో అని వేరే కారణాలు చూసి, మరునాటి అంకెతో పోల్చి, వరుసగా మిగులుతూ వస్తేనే మేత తగ్గించి నీటిని పరీక్ష చేయిస్తారు. పేక బల్ల దగ్గర ఒక్క బ్లఫ్‌ను చూసి మనిషి మొత్తానికి పేరు పెట్టేసేవారికి ఈ ఓపిక ఆదర్శం కావాలి. కౌంట్ అన్న మాట కూడా రెండు చోట్లా ఒకటే కావడం గమనించదగినది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది రొయ్య కౌంట్, ఓడిన చేతిలో ఎన్ని పాయింట్లు మిగిలాయో అది రమ్మీ కౌంట్, రెండింటిలోనూ అంకె తగ్గేకొద్దీ మేలు.

తొందరపాటు ఎంత సులభంగా జరుగుతుందో అంకెలతో చూపవచ్చు. ఒక ఆటగాడు ఒక పనిని సగం సార్లు చేస్తాడు, సగం సార్లు చేయడు అనుకుంటే, వరుసగా మూడుసార్లు ఆ పని చేస్తూ కనిపించే అవకాశం ఎనిమిదింట ఒకటి. బల్ల చుట్టూ అటువంటి ప్రత్యర్థులు ఆరుగురు ఉంటే, వారిలో కనీసం ఒకరు అలా వరుసగా మూడుసార్లు కనిపించే అవకాశం నూటికి 55. అంటే ఆరుగురిలో ఎవరికీ ఏ ప్రత్యేకమైన అలవాటూ లేకపోయినా, సగానికి మించిన సందర్భాల్లో నోటు రాసేవాడికి "వీడు ఎప్పుడూ ఇంతే" అనిపించే మనిషి ఒకడు దొరుకుతాడు. మనుషులు ఎదురెదురుగా కూర్చునే పోకర్ బల్ల మీద గంటకు సుమారు 25 నుంచి 30 ఆటలే పడతాయి కాబట్టి, ఒక సాయంత్రపు నోట్లు ఒక అనుమానానికి మాత్రమే చాలుతాయి, నిర్ణయానికి చాలవు.

రాసే వేళ కూడా ఆటలో భాగమే. చేతిలో ముక్కలుండగా రాయకూడదు, అది మర్యాద కాదు, చాలా చోట్ల ఆట మధ్యలో ఫోన్ పట్టుకోవడానికి ఒప్పుకోరు కూడా. ఒక చేయి తెరుచుకున్న మరుక్షణమే కలం తీసేవాడు, తాను దేన్ని గమనించాడో బల్లకంతటికీ చాటుతున్నాడు. డ్రాప్ అయి ఖాళీగా ఉన్నప్పుడు మనసులో పొందికగా అమర్చుకుని, టీకి లేచినప్పుడు రెండు ముక్కల్లో రాసుకునే పద్ధతి అన్నిటికంటే మంచిది. ధారణ, అంటే విన్నదాన్ని చెదరకుండా పట్టి ఉంచడం, అవధానుల విద్యగా తెలుగువారికి తెలిసినదే. బల్ల నుంచి టీ దుకాణం దాకా నడిచే ఆ కాస్త సేపు కాగితం కూడా ధారణ మీదనే ఆధారపడి ఉంటుంది. జ్ఞాపకం స్థానాన్ని కాగితం ఆక్రమిస్తుందా అని మొదట వేసిన ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది.

అయితే ఈ నోట్ల వల్ల మొదటి లాభం ఎదుటివాడిని ఓడించడమేనా అన్నది ఇంకా లోతైన విషయం. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన టుమాస్ సాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన లిబ్రటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ నలుగురు వృత్తి పోకర్ ఆటగాళ్ళతో ఇరవై రోజులు 1,20,000 ఆటలు ఆడి స్పష్టంగా గెలిచింది. ఆ ప్రోగ్రామ్ ప్రతి రాత్రీ ఆ రోజు ఆటను తిరగేసేది గాని, వెదికింది ప్రత్యర్థుల బలహీనతలను కాదు. వారు వేసిన పందేల్లో తన లెక్కకు అందనివి ఏవో చూసుకుని, అక్కడ తన ఆటలోని కంతలను పూడ్చుకునేది. యంత్రం ఎంచుకున్న ఈ దారి మనిషికీ తగినదే. ఎదుటివాడు షోలో పరిచిన చేయి పక్కన, ఆ చేతి గురించి తాను ఏమనుకున్నాడో కూడా రాసుకున్న ఆటగాడికి, కొన్ని వారాల్లోనే తన ఊహ ఎక్కడెక్కడ ఒకే వైపు తప్పుతున్నదో అర్థమవుతుంది. ఓడిన రాత్రి జ్ఞాపకం దురదృష్టాన్నే దాచుకుంటుంది, కాగితం మాత్రం మిడిల్ డ్రాప్‌కు 40 పాయింట్లతో లేచిపోవలసిన చోట ఆశతో కూర్చుని 80 పాయింట్ల ఫుల్ కౌంట్ ఇచ్చుకున్న సంగతిని కూడా భద్రపరుస్తుంది. పందెం ఉన్న బల్ల దగ్గర, తన ఆట గురించి రాసుకున్న ఈ రెండో రకం నోటు ఇంటిని కాపాడుతుంది కూడా, ఎందుకంటే నెల చివర మొత్తం కూడి చూసుకున్నవాడు తన ఓటమిని తనకు తాను చిన్నదిగా చెప్పుకోలేడు.

ఈ తీరంలోని బల్లకు మరొక ప్రత్యేకత ఉంది. గోవా నౌక మీద ఎదురుగా కూర్చున్నది అపరిచితుడైతే, ఇక్కడ కూర్చునేది బావమరిది, పక్క గుంట రైతు, చిన్నప్పటి స్నేహితుడు. బయట తెలిసిన మనిషిని బల్ల దగ్గర కూడా తెలిసినవాడిగా అనుకోవడం పెద్ద పొరపాటు. తుఫాను సూచన ఉన్నా గుంటలో రొయ్యపిల్లను వదిలే ధైర్యవంతుడు ఇరవై పాయింట్లకు మొదటి చుట్టులోనే డ్రాప్ కావచ్చు, లెక్కకు మారుపేరనిపించుకున్న షావుకారు లైఫ్ లేకుండా చివరిదాకా కూర్చోవచ్చు. నోటు ఈ పాత పరిచయాన్ని పక్కకు పెట్టిస్తుంది. అదే సమయంలో, ఓడినకొద్దీ పందెం పెంచుతూ పోతున్నవాడు అయినవాడే అయితే, ఆ సంగతిని తొందరగా పట్టిచ్చేది కూడా ఈ పుస్తకమే. దాన్ని లాభంగా మార్చుకోవడం నేర్పు కిందికి రాదు, ఆ రాత్రికి ఆట ఆపించి అతణ్ణి ఇంటికి పంపించాలి.

జూదానికీ లెక్కకూ ఉన్న ఈ సంబంధం పాతదే. పెన్న ఒడ్డున ఉన్న నెల్లూరిలో, మనుమసిద్ధి ఆస్థానంలో, పదమూడవ శతాబ్దంలో తిక్కన భారతాన్ని విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ పర్వంలో ధర్మరాజు, జూదంలో రాజ్యాన్నే పోగొట్టుకున్న మనిషి, జూదం తెలిసిన కంకుభట్టుగా విరాటుని కొలువులో కూర్చుంటాడు. ఆ రెండు స్థితుల మధ్య అరణ్యవాసంలో అతడు బృహదశ్వుని దగ్గర నలుని కథ విని, పాచికల మర్మమైన అక్షహృదయం అనే విద్య నేర్చుకున్నాడు. నలునికి ఆ విద్య ఇచ్చిన ఋతుపర్ణ మహారాజు, నలుడు తోలుతున్న రథం మీద పోతూ ఒక తాండ్ర చెట్టును చూసి, దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పాడు. వైదిక కాలంలో పాచికలుగా వాడినవి ఆ చెట్టు కాయలే. రాజు చెప్పిన అంకెను నలుడు మాట మీద నమ్మలేదు. ప్రయాణానికి ఆలస్యమవుతున్నదని రాజు తొందరపెడుతున్నా రథం దిగి, చెట్టును కొట్టి, కాయలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూసుకున్న తరువాతనే ఆ విద్యను అడిగాడు.