సుగ్గికి ముందే ఇంటికి

తల్లిదండ్రుల సమావేశం పగలు పదకొండు గంటలకు పెడితే కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో వచ్చేదెవరు? పొలం పనికి పోలేని ముసలివాళ్లు, బడి పక్కన కొట్టు నడిపే ఒకరిద్దరు. రానివాళ్లకు పిల్లల చదువంటే పట్టదని తేల్చేస్తాం. ఆ మాట విన్నప్పుడల్లా మనసుకు కష్టమేస్తుంది. సమావేశానికొస్తే ఆ పూట కూలి పోతుంది, అంతే సంగతి. అదే రాత్రి అన్నాలు తిన్నాక గుడి కట్ట దగ్గర పెట్టి చూడండి. తల్లులు చంటిపిల్లల్ని చంకనేసుకుని మరీ వస్తారు.

వాళ్ల హక్కు చట్టంలో ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలనీ 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడడం వాళ్ల పనులే. కానీ చాలాచోట్ల తీర్మానాల పుస్తకం ఒక పిల్లాడి చేతికిచ్చి ఇంటింటికీ పంపి, వేలిముద్రలు వేయించి తెప్పించుకోవడంతో సరిపోతోంది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు నాకు సంతోషమేసింది. మిగిలిన రోజుల పని మాత్రం ఊళ్లో ఉన్న నాలాంటి టీచర్లది.

మా ప్రాంతంలో ఆ పనికి గడువు దసరా. ఆ తర్వాత సుగ్గి, అంటే వలసకాలం, మొదలవుతుంది. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపుకు కుటుంబాలు కదులుతాయి. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఇంట్లో ఎన్ని చేతులున్నాయో లెక్కపెడతాడు. పదకొండేళ్ల పిల్లవి కూడా అందులో చేరతాయి. వలస నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అయితే కన్నబిడ్డను వదిలి వందల కిలోమీటర్లు వెళ్లమని ఒక తల్లిని అడగడమంటే మామూలు మాట కాదు. లారీ ఎక్కే రోజున పరుగెత్తుకెళ్లి అడిగే మాట అసలే కాదు.

అందుకే నేను జూన్, జూలైలోనే ఇళ్లకు వెళ్తాను, పొద్దుగూకాక. మొదటిసారి ఫిర్యాదు ఒక్కటీ ఎత్తను. పిల్ల గురించి నేను కళ్లారా చూసిన ఒక మంచి సంగతి చెప్తాను: "అక్కా, మీ పాప పదమూడో ఎక్కం తడబడకుండా చెప్తాంది." బడి నుంచి మనిషొచ్చాడంటే ఏదో తప్పు జరిగిందని బెదిరే ఇళ్లలో ఈ మాట చేసే మేలు అంతా ఇంతా కాదు. పుస్తకం తెరిచి రాసుకుంటూ కూర్చోను. ఇచ్చిన టీ తాగుతాను. కర్ణాటక సరిహద్దు కదా, కొన్ని ఇళ్లలో కన్నడమే మాట్లాడతారు. అక్కడికి ఆ భాష వచ్చిన టీచరమ్మను తోడు తీసుకెళ్తాను.

ఆ తర్వాతి రాకలో సుగ్గి మాట వాళ్లే తీస్తారు. అప్పుడు నేను వినాలి. "రాత్రి పూట ఆడపిల్లలకు తోడెవరు సార్? జ్వరమొస్తే మాకెవరు చెప్తారు?" ఈ ప్రశ్నలకు సర్క్యులర్‌లో జవాబు దొరకదు. కమిటీలోని తల్లులు హాస్టల్‌కు వచ్చి పిల్లలు పడుకునే గది, తలుపు గడియ, స్నానాల గది చూసుకున్నారు. గడియ మార్చమన్నారు, మార్చాం. ఊళ్లో ఉండిపోయే అవ్వలు రాత్రులు వంతులవారీగా పడుకుంటామన్నారు. వచ్చిన గ్రాంటు, పెట్టిన ఖర్చు గోడమీద రాయించాం. చదవలేని వాళ్లకోసం సమావేశంలో బిగ్గరగా చదివి వినిపించాం. బియ్యం ఖర్చు దగ్గర ఒకామె ఆపి లెక్క అడిగింది. ఆ తర్వాత సమావేశాలకు జనం పెరిగారు. తమ మాటతో ఏదో ఒకటి మారిందని తెలిస్తేనే ఎవరైనా మళ్లీ వస్తారు.

పేదలకు చదువు మీద ఆశ లేదన్న వాదనను రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ ఏనాడో తప్పని నిరూపించింది. ఇంటింటికీ తిరిగి, పంచాయతీని కూడగట్టి, పనిలో ఉన్న పిల్లల్ని బడికి చేర్చింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. దాంతో ఆ దారిని మేం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేకపోయింది.

సాయంత్రాలు హాస్టల్లో హోంవర్కు ఒక్కటే ఉంటే పిల్లలు దిగులుపడతారు. అందుకే ఊరివాళ్లను పిలుస్తాం. అవ్వలు కతలు చెప్తారు. ఒక రైతు పొలం గట్టు మీద సెంట్లు, ఎకరాలు కొలిచి చూపించాడు. క్షేత్రగణితం అంత తేలిగ్గా నేనెప్పుడూ చెప్పలేదు. రాత్రి ఎనిమిదింటికి గుంటూరు నుంచి అమ్మానాన్నల ఫోన్లు వస్తాయి. రాసిన మెసేజి చదవలేరు కనుక పిల్లల గొంతుతోనే వాట్సాప్ వాయిస్ పంపిస్తాం: ఏం తిన్నారో, ఏ పాఠం అయిందో.

కమిటీ తల్లులు ఈసారి రెండు కోరుతూ తీర్మానం రాయించారు. హాస్టల్ మంజూరు ఉత్తర్వు దసరా లోపే చేతికందాలి. కమిటీ శిక్షణకు పగటిపూట పిలిస్తే ఆ రోజు కూలి ఇవ్వాలి. సంతకాలు పెట్టింది గుడి కట్ట దగ్గరే, చదివి వినిపించాకే. రెండూ న్యాయమైన కోరికలు. దసరాకు ఇంకా వ్యవధి ఉంది.