కూలర్ ఆగింది, ముచ్చట ఆగలేదు

మెట్‌పల్లిలో మా ఇల్లు 63వ జాతీయ రహదారికి ఒక్క వాడ లోపల. నిజామాబాద్ నుంచి జగిత్యాల దిక్కు పోయే బస్సులూ లారీలూ గేరు మార్చేది మా సందు మొదట్లోనే. ఎండాకాలం మూడు నెలలూ ఇంట్లో కూలర్ తిరుగుతూనే ఉంటుంది. వాకిట్లో మా అక్కా, పక్కిండ్ల వాళ్లు ఇద్దరు ముగ్గురూ చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. తునికాకు కోసే కత్తెర చప్పుడు ఎంతని! వినిపించేదంతా వాళ్ల ముచ్చటే. వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా నడుము వంచి కూర్చోవాలంటే ఆ ముచ్చటే ఆసరా. లోపలి గదిలో అక్క బిడ్డ గ్రూప్స్ పరీక్షకు చదువుతుంది.

ఆ పిల్ల కోసం మా బావ దుబాయి నుంచి వస్తూ చెవులను నిండా కప్పే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ తెచ్చాడు. పెట్టుకున్న మొదటి రోజే పిల్ల నా దగ్గరికి వచ్చి, “చిన్నమ్మా, కూలర్ బందైనట్టే ఉంది. బస్సు సప్పుడు గూడ లేదు. గని అమ్మోళ్ల ముచ్చట ఇంకింత సాఫ్‌గ వినవడుతుంది” అంది.

ఆ మాట విన్నాక ఆ హెడ్‌ఫోన్‌ను ఒక పక్కన, పదుల రూపాయల్లో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్గుల జతను మరో పక్కన పెట్టి పోల్చాలనిపించింది. రెండూ చప్పుడును ఆపడానికే పుట్టినా, పుట్టిన చోట్లు వేరు. అసలు తేడా అక్కడే మొదలవుతుంది.

చప్పుడును చప్పుడుతో కొట్టేయవచ్చన్న ఊహకు జర్మనీకి చెందిన పాల్ లూగ్ అమెరికాలో 1936లోనే పేటెంటు పొందాడు. దాన్ని మన చెవుల దాకా తెచ్చిన పేరు అమర్ బోస్. బెంగాల్ నుంచి అమెరికా వలస పోయిన తండ్రికి పుట్టిన ఈ ఆచార్యుడు 1978లో జ్యూరిచ్ నుంచి బోస్టన్‌కు విమానంలో పోతూ, ఇంజిను హోరులో ఇయర్‌ఫోన్ పాట వినలేక, అక్కడే కాగితం మీద లెక్కలు వేశాడు. 1989లో పైలట్ల హెడ్‌సెట్ వచ్చింది. మామూలు ప్రయాణికులకు అమ్మే క్వయట్ కంఫర్ట్ 2000లో వచ్చింది. అంటే ఈ పరికరం విమానపు హోరును ఎదుర్కోవడానికి పుట్టింది. ఆగకుండా, మారకుండా, బొంగురుగా మోగే చప్పుడే దాని అసలు శత్రువు. మా కూలర్ ఆ జాతిదే. పోతున్న బస్సు ఇంజినూ అంతే.

లోపల జరిగే పని ఇది. కప్పుకు ఉన్న చిన్న మైకు బయటి చప్పుడును వింటుంది. స్పీకరు దానికి సరిగ్గా తలకిందులైన అలను పుట్టిస్తుంది. ఎత్తూ పల్లమూ కలిసి చదునైపోతాయి. 100 హెర్ట్జ్ బొంగురు చప్పుడు అల పొడవు దాదాపు 3.4 మీటర్లు, కాబట్టి ఎదురు అల కొంచెం అటూ ఇటూ అయినా పని జరుగుతుంది. 3,000 హెర్ట్జ్ దగ్గర ఆ అల 11 సెంటీమీటర్లే. అక్కడ రవ్వంత ఆలస్యమైనా ఎత్తు మీద పల్లం పడదు, ఎత్తు మీద ఎత్తు పడుతుంది. అందుకే దాదాపు 1,000 హెర్ట్జ్ దాటాక ఎలక్ట్రానిక్ పనితనం పలచబడుతుంది. అక్కడి నుంచి చెవిని కాపాడేది కప్పు మందమూ మెత్తా మాత్రమే.

మన మాటల్లో అచ్చుల బరువు కింది స్థాయిలో ఉంటుంది. మాటను మాటగా విడదీసే హల్లులు చాలావరకు పైన ఉంటాయి. ‘సారు’ అన్నారో, ‘చారు’ అన్నారో తెలియాలంటే స, చ అనే రెండు సన్నని రాపిళ్లను చెవి పట్టుకోవాలి. హెడ్‌ఫోన్ కింది హోరును ఊడ్చేసి వాటిని చాలామట్టుకు మిగిల్చింది. అంతకుముందు కూలర్ హోరు ఆ రాపిళ్ల మీద దుప్పటిలా పడి ఉండేది. బావ డబ్బు పెట్టి కొన్న పరికరం ఆ దుప్పటిని లాగేసింది. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు స్పాంజి ముక్క సంగతి. దీని పుట్టుక కర్మాగారంలో. యంత్రాల మధ్య నిలబడే కార్మికుల కోసం 1970లలో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దీనికి చార్జింగు లేదు, లెక్కలు లేవు. చెవి దారిని మూసేస్తుందంతే. బొంగురు చప్పుడునూ తగ్గిస్తుంది, సన్నని చప్పుడును ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. స, చ లాంటి రాపిళ్లు దీని దగ్గరే చిక్కుకుంటాయి. ఎక్కువగా దొరికే 3ఎం 1100 రకం మీద 29 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది. అది ప్రయోగశాల అంకె. మనలాంటి వాళ్లు పెట్టుకునే తీరును బట్టి స్పాంజి ప్లగ్గుల అంకెను సగానికి తగ్గించి లెక్క వేసుకోమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1998లో సూచించింది. ఈ సగం ఎక్కడ పోతుందో మా పిల్ల దగ్గర కళ్లారా చూశాను. గుండీ నొక్కినట్టు వేలితో నొక్కి వదిలేసింది, సగం బయటే ఉండిపోయింది. బీడీ చుట్టినట్టు వేళ్ల మధ్య సన్నగా చుట్టాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకి లాగాలి. లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. మా అక్క ఒక్కసారి చూసి నేర్చుకుంది, బిడ్డకు తనే పెట్టింది.

చప్పుడు తగ్గితే చదువు సాగుతుందనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. 1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా విద్యార్థులకు వరుసగా అక్షరాలు గుర్తుపెట్టుకునే పని ఇచ్చి, చెవిలో జర్మన్ మాటలు వినిపించారు. అర్థం తెలియని భాష అయినా తప్పులు పెరిగాయి. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది ఏమంటే, మనసును లాగేది చప్పుడు ఎంత పెద్దదన్నదానికంటే ఎంతగా మారుతూ ఉందన్నది. చదివేటప్పుడు అర్థమయ్యే భాష అయితే ఇంకా కష్టం. మాట చిన్నగా వినిపిస్తే చాలదు, మాటగా వినిపించకుండా పోవాలి.

అందుకే నా తీర్పు స్పాంజి వైపు. అదీ కూలర్ ఆపకుండా! ప్లగ్గు రెండింటినీ తగ్గిస్తుంది, మిగిలిన ముచ్చట మీద మిగిలిన హోరు మళ్లీ దుప్పటి కప్పుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే మా ఊళ్లో చెవులను కప్పే మెత్తలు గంటలో చెమటతో జారతాయి. ఈ లెక్కన కూడా స్పాంజిదే పైచేయి. చలికాలంలో కూలర్ బదులు టేబుల్ ఫ్యానును గోడ వైపు తిప్పి పెట్టినా సరే, ఫోనులో వాన చప్పుడు పెట్టుకున్నా సరే. ఫోను అయితే గొంతు తగ్గించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్.

స్పాంజికీ లోపాలున్నాయి. పెట్టుకుని మాట్లాడితే మన గొంతు బిందెలో మోగినట్టు ఉంటుంది. మురికి చేతితో పెడితే చెవిపోటు రావచ్చు. పసుపు దంచిన రోజున అసలు ముట్టొద్దు. ఎవరైనా పిలిస్తే వినపడదు, వచ్చి భుజం తట్టాలి. రోజంతా పెట్టుకోవాల్సిన వస్తువు కాదు.

హెడ్‌ఫోన్ కొనాలనే అనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. డబ్బా మీద ఈఎన్‌సీ అని ఉంటే అది మన చెవి కోసం కాదు. ఫోనులో అవతలివాళ్లకు మన గొంతు శుభ్రంగా వినిపించడానికి. మన చెవికి పనిచేసేది ఏఎన్‌సీ. చిన్న ఊళ్ల దుకాణాల్లో ఈ రెండింటినీ ఒకే మాటగా చెప్పి అమ్మడం నేను విన్నాను. విద్యార్థుల డబ్బు అలా పోతుంటే బాధగా ఉంటుంది. దుకాణంలో పాట పెట్టి చూడొద్దు. పాట లేకుండా ఏఎన్‌సీ ఒక్కటే నడిపించి, తోడు వచ్చినవాళ్లను రెండు బారల దూరం నుంచి పేపరు చదవమనండి. వినిపించిందా అని కాక, వార్త అర్థమైందా అని చూసుకోండి. కళ్లజోడు ఉంటే దాంతోనే పెట్టుకుని చూడండి, దాని కాడ మెత్త కింద సందు చేస్తుంది. చెవులకు బుట్టలు పెట్టుకునే ఆడపిల్లలకు ఆ మెత్త నొక్కుడు అరగంటకే తెలుస్తుంది.

మా పక్క జిల్లా సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య పనిచేసే నేతన్నలకు మాత్రం ఈ లెక్కలేవీ అక్కర్లేదు. నాడె కొట్టే దెబ్బ టక్కుటక్కుమని విడివిడిగా పడుతుంది, ఎదురు అల దాన్ని అందుకోవడం కష్టం. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని మన కర్మాగారాల నిబంధనలు చెబుతాయి. అక్కడ కావలసింది స్పాంజి ప్లగ్గులో, మందమైన ఇయర్‌మఫ్‌లో. అవి ప్రతి మగ్గం దగ్గరా ఉండాలి.

హెడ్‌ఫోన్ ఇప్పుడు పిల్ల బ్యాగులో ఉంటుంది. హైదరాబాద్ బస్సు ఎక్కితే బయటికి వస్తుంది. ఇంజిను పక్క సీటులో కూడా నిద్ర పట్టిందట. మొన్న రాత్రి మా బావ ఫోన్ చేసి ఎట్లుందని అడిగాడు.

“బస్సుల మస్తుగుంది బాపూ. ఇంట్ల చదివేటప్పుడు మాత్రం స్పాంజియి పెట్టుకుంటున్న.”

అవతల కొంచెంసేపు మాట లేదు. తర్వాత, “గట్లైతే గవే ఇంకో నాలుగు జతలు తెచ్చుకో బిడ్డా” అన్నాడు.